మనం ముగ్గురం

బ్రోషర్ చాలా అందంగా ఉంది. కందిరీగకు అందమైన కాగితాలంటే మొదటినుంచీ అనుమానమే.

నీలం సముద్రం, తెల్లటి పడవ, పడవలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న గైడ్. కింద లావు అక్షరాలు: 'ప్రైవేట్ గైడెడ్ ఐలాండ్ డే టూర్. గుంపు లేదు, గోల లేదు. పడవ మీకే, గైడ్ మీకే, దీవి మీకే!'

"చివరిసారి ఈ టూర్ బుక్ చేసుకున్నవాడు నీ బావమరిది," అన్నాడు చీఫ్.

కళ్ళద్దాల షాపు మీద మూడో అంతస్తు. తలుపుకు 'వాతావరణ గణాంకాల విభాగం' అని బోర్డు. లోపల పనిచేసే పదకొండుమందిలో ఒక్కరికీ రేపు వాన పడుతుందో లేదో తెలీదు. అందరూ సీక్రెట్ సర్వీస్ వాళ్ళే. వాళ్ళలో సీనియర్ ఏజెంట్ కందిరీగ. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఏడు పాస్‌పోర్టులు, ఒక భార్య. ఆ భార్య తమ్ముడు చంటి కూడా ఇక్కడే జూనియర్ ఏజెంట్‌గా ఉండేవాడు. నాలుగు నెలల క్రితం ఆ దీవికి వెళ్ళాడు. తిరిగొచ్చింది శవం. 'సరదాగా ఈతకు దిగి మునిగిపోయాడు' అని టూర్ కంపెనీ రాసిచ్చింది. ఆ కాగితాన్ని కందిరీగ నాలుగు నెలలుగా పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఎవడి చేత తినిపించాలో తెలియక ఇంకా అక్కడే ఉంచాడు.

"బ్రీఫింగ్ సార్," అన్నాడు.

"రేపు శనివారం. సాయంత్రం నాలుగు గంటలు. అదే దీవి. హార్బర్ సెన్సార్ల మ్యాప్ చేతులు మారబోతోంది. మైక్రోఫిల్మ్."

"మొత్తమా?"

"సగం నాలుగు నెలల క్రితమే పోయింది. ఇది మిగతా సగం. రెండూ కలిశాయంటే పరాయి సబ్‌మెరైన్ మన హార్బర్లోకొచ్చి కొత్తల్లుడిలా కాలు మీద కాలేసుకు కూర్చుంటుంది."

"కొనేది?"

"ముసురు ముఠా. స్పీడ్‌బోట్‌లో వస్తారు."

"అమ్మేది?"

చీఫ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ ఈ గోడల మధ్యే ఉన్నాడు. అంతకుమించి తెలీదు."

"నేవీ?"

"దీవి దగ్గర పెట్రోల్ బోట్ కనిపిస్తే వాళ్ళు రారు. ఇంకో రోజు, ఇంకో చోటు చూసుకుంటారు. గుంపు టూర్‌లో వెళ్తే జెట్టీ దాటనివ్వరు. పాత లైట్‌హౌస్ దాకా తీసుకెళ్ళేది ప్రైవేట్ టూర్ ఒక్కటే. అందులో నువ్వొక్కడివే. చంటి కూడా ఒక్కడే వెళ్ళాడు." చీఫ్ బ్రోషర్ని అతని వైపు తోశాడు. "బుక్ చెయ్యాలా, వద్దా అన్నది నీ ఇష్టం. ఒకే ఇంట్లోంచి రెండోవాణ్ణి కూడా పంపే ఆర్డర్ నేను వెయ్యలేను. ఆరింటికి బుకింగ్ క్లోజ్."

తర్వాత సొరుగులోంచి చిన్న టేప్ రికార్డర్ తీశాడు. "చంటి రికార్డర్ పెన్ను పోయినవారం దీవి ఇసుకలో దొరికింది. ల్యాబ్ వాళ్ళు ఆరబెట్టి కాసిని సెకన్లు రాబట్టారు. కొత్త సంగతేం లేదు. ముందురోజు సాయంత్రం మన రేడియో డెస్క్‌కి చేసిన ఫోనే. లాగ్‌లో ఉన్న ముక్కే. కనీసం వాడి గొంతైనా మీ ఆవిడకి మిగులుతుందని ఇస్తున్నాను."

రేడియో డెస్క్ అంటే నెమలి. ఆ కుర్చీలో ఆమె కూర్చున్నప్పటినుంచి ఏజెంట్లకు వైర్‌లెస్ సెట్లు ఊరికే పాడవడం మొదలైంది. పెద్ద కళ్ళు, సిల్కు స్కార్ఫు, నాలుగు అడుగుల ముందే వచ్చి పలకరించే సెంటు. ఇంతమందిలో ఆమె చంటిని మెచ్చింది. పెళ్ళి మాట కూడా అనుకున్నారు. చంటి పోయాక కందిరీగ ఇంటికి వారం వారం వచ్చి అతని భార్యతో కలిసి ఏడ్చేది.

"బుక్ చెయ్యండి అన్నయ్యగారూ," అంది కళ్ళు ఒత్తుకుంటూ. "ఆయన్ని చంపినవాళ్ళని వదలకండి. ఫారం నేనే నింపుతా. రేపంతా ఈ కుర్చీలోంచి కదలను. మీ ప్రతి మాటా నా చెవిలో ఉంటుంది."

"మీ వదిన్ని ఒక మాట అడిగొస్తానమ్మా."

"అడగండి. నా కోటుకి తొందరేం లేదని చెప్పండి." ఒక్క క్షణం ఆగింది. "ఇవాళ సాయంత్రానికి అయితే చాలు."

*

కందిరీగ భార్య టైలర్. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు వేలాడే కొలతల టేపు, పెదవుల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు. గుండుసూదులతో ఆమె మాట్లాడగలదు, నవ్వగలదు, అతన్ని తిట్టగలదు కూడా. తమ్ముడు పోయాక మొదటిది ఒక్కటే మిగిలింది.

అతను టేపు నొక్కాడు. ముందు అలల చప్పుడు. తర్వాత చంటి గొంతు, హుషారుగా: "హలో... ఆఁ, నేనే. రేపు తొమ్మిదింటికి జెట్టీ దగ్గర. మనం ముగ్గురం వెళ్తున్నాం. అక్కకి చెప్పకు, కంగారుపడుతుంది."

మిషను ఆగిపోయింది. ఆమె గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

"మళ్ళీ పెట్టండి."

పెట్టాడు. ఆమె ఏడవలేదు. చెవి దగ్గరికి తెచ్చుకుని మూడోసారీ విన్నది.

"ఫోన్లో అవతల ఎవరు?"

"నెమలి. లాగ్‌లో ఉంది. 'తొమ్మిది. జెట్టీ. మేం ముగ్గురం.' చంటి, గైడు, పడవ నడిపేవాడు. ఎప్పుడో తేల్చేశాం."

"ఏం తేల్చారండీ? పడవ నడిపేవాడూ గైడూ అయితే 'మేం ముగ్గురం' అనాలి. వీడు 'మనం ముగ్గురం' అన్నాడు."

కందిరీగ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కాడు.

"'మనం' అన్నాడంటే వింటున్న మనిషి కూడా లెక్కలోనే ఉంది," అంది ఆమె. "వీడు, గైడు, ఆ అమ్మాయి. ముగ్గురు."

డిపార్ట్‌మెంట్ లాగ్ అంతా కోడ్ అంకెల్లో రాస్తారు. కోడ్ బుక్ తయారుచేసిన నిపుణుడు విదేశాల్లో చదువుకున్నవాడు. 'మేం'కీ 'మనం'కీ కలిపి ఒకే అంకె ఇచ్చాడు: నలభై ఒకటి. నెమలి నలభై ఒకటి అని రాసింది. అబద్ధం రాయాల్సిన శ్రమ కూడా ఆమెకు లేకుండా పోయింది. మర్నాడు జ్వరమని సెలవు పెట్టింది. పదకొండుమంది గూఢచారులు ఆ లాగ్‌ని నాలుగు నెలలపాటు తిరగేసి బోర్లించి చూశారు. ఒక్కడికీ తట్టలేదు.

"బకెట్లో నీళ్ళు తొణికితే గోడకి అతుక్కుపోయేవాడు నా తమ్ముడు," అంది ఆమె. గొంతు వణకలేదు, అందుకే అతనికి భయమేసింది. "వాడు సముద్రం మీదికి వెళ్ళాడంటే ఎవరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఆ చేత్తోనే నాలుగు నెలలుగా నా కన్నీళ్ళు తుడుస్తోంది."

కందిరీగ లేచాడు. "ఇప్పుడే వెళ్ళి దాని పీక నులిమేస్తాను."

"కూర్చోండి. ఈ కోటు ఎవరిదనుకున్నారు?"

మిషను కింద బూడిదరంగు కోటు. నిన్న పొద్దున ఇచ్చివెళ్ళిందట. లోపలి జేబు లోతు పెంచాలట: జానెడు లోతు, రెండు వేళ్ళ వెడల్పు, పైన గుండీ. రేడియో రూమ్‌లో గాలాడక చొక్కా పైగుండీలు విప్పుకు కూర్చుంటారు. అలాంటి గదిలో కూర్చునే మనిషికి కోటెందుకు? జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పున్న వస్తువేమిటో మాత్రం కందిరీగకు తెలుసు. మైక్రోఫిల్మ్ ట్యూబు.

"రేపు అదీ దీవికి వస్తోంది," అన్నాడు మెల్లగా. "ఇవాళ పట్టుకుంటే చేతిలో ఏమీ ఉండదు. ఒక్క 'మనం' అన్న మాటతో కేసు నిలబడదు. గైడూ జారుకుంటాడు, ముఠా జారుకుంటుంది."

"అయితే టూర్ బుక్ చెయ్యండి."

"చంటి వెళ్ళిన టూరే అది."

"తెలుసు. నాకు భయం లేదనుకుంటున్నారా? ఉంది. అయినా వెళ్ళండి. దాన్ని మాత్రం చంపొద్దు, ప్రాణాలతో తెచ్చివ్వండి. నేను దాన్ని ఒక మాట అడగాలి."

"ఏం మాట?"

ఆమె కోటు తిరగేసి, లైనింగు వెలుతురులోకి పట్టుకుని, చిన్న కత్తెర అందుకుంది. ఏం చేస్తున్నావని అతను అడగలేదు. కత్తెర చేతిలో ఉన్నప్పుడు ఆమెను ఏమీ అడగకూడదని అతను సర్వీసులో చేరకముందే నేర్చుకున్నాడు.

*

ఐదున్నరకు నెమలి ఫారం నింపింది.

"ఎంతమంది?"

"ఒక్కణ్ణే."

"ఈత వచ్చా?"

"రాదని రాయి."

"మారువేషం?"

"తెల్లగడ్డం. పక్షుల ప్రొఫెసర్."

"అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి?"

చంటి ఫారంలో ఆ గడిలో 'అక్క' అని ఉండింది. కందిరీగ ఆ గడి మీద వేలు పెట్టాడు. "మీ వదినకి," అన్నాడు.

ఆమె రాసింది. అక్షరం ఒక్కటి కూడా వంకర పోలేదు. కోటు తీసుకుని లోపలి జేబులో చెయ్యిపెట్టి లోతు చూసుకుంది. "వదిన చేతిలో ఏదో మంత్రముంది అన్నయ్యగారూ," అంది మురిసిపోతూ.

చీఫ్‌కి సంగతంతా చెప్పాడు, ఆఫీసులో కాదు, కింద కళ్ళద్దాల షాపులో. పెట్రోల్ బోట్ పక్క దీవి వెనక దాక్కుంటుంది. కందిరీగ చొక్కా రెండో గుండీ నొక్కితే సిగ్నల్ రేడియో డెస్క్‌కి పోకుండా తిన్నగా చీఫ్‌కే అందుతుంది. బోటు రావడానికి ఎనిమిది నిమిషాలు.

*

శనివారం. పడవ నడిపింది కూడా గైడే. నోరు మాత్రం మూయలేదు. రాళ్ళ వయసు చెప్పాడు, చేపల కాపురాలు చెప్పాడు, లైట్‌హౌస్ కట్టినవాడి ప్రేమకథ చెప్పాడు. ప్రొఫెసర్ గడ్డం నిమురుకుంటూ తలాడించాడు. ఈ నోటితోనే చంటికి కూడా ఇవే కబుర్లు చెప్పి ఉంటాడు. ఆ పళ్ళను ఒక్కొక్కటే రాలగొట్టాలని కందిరీగ చేతులు దురద పెట్టాయి. జేబుల్లో పెట్టుకున్నాడు.

మూడున్నరకు లైట్‌హౌస్ నీడలో పండ్లరసం. "పూర్తిగా తాగాలి సార్, టూర్‌లో భాగం," అన్నాడు గైడ్.

ప్రొఫెసర్ పూర్తిగా తాగాడు. తాగింది అతను కాదు, గడ్డం. ల్యాబ్ వాళ్ళు దాన్ని స్పాంజితో చేశారు. పావు లీటరు మత్తుమందు రసం గడ్డంలోకి ఇంకిపోయింది, ప్రొఫెసర్ బండకు ఒరిగి గురకపెట్టాడు.

మూడూ యాభై ఐదుకు లైట్‌హౌస్ మెట్ల మీద మడమల చప్పుడు. సెంటు ముందుగా వచ్చింది.

"పడుకున్నాడా?" నెమలి గొంతు. అందులో ఏడుపు లేదు, 'అన్నయ్యగారూ' లేదు. "మనకి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. వీణ్ణి కూడా ఆ రాళ్ళ మధ్య నీటిగుంటలోనే తోసెయ్. మొదటివాడిలా కేకలేమీ పెట్టడులే."

కందిరీగ గురకపెడుతూనే రెండో గుండీ నొక్కాడు. లెక్క ప్రకారం మూడు నిమిషాలు తక్కువ పడుతున్నాయి.

గైడ్ అతని చంకల కింద చేతులు వేసి నీటి అంచు దాకా ఈడ్చాడు. అక్కడ ప్రొఫెసర్ నిద్ర లేచాడు. తడిసి బరువెక్కిన గడ్డం ఊడబెరికి గైడ్ మొహాన కొట్టాడు. ఇద్దరూ గుంటలో పడ్డారు. కందిరీగ గైడ్ మెడ దొరకబుచ్చుకుని తల నీళ్ళలో ముంచాడు.

ముంచి లెక్కపెట్టాడు. పది. ఇరవై. చంటి ఎంతసేపు కొట్టుకున్నాడో ఎవరికీ తెలీదు. ముప్పై. అతనికే సిగ్గేసేంత హాయిగా ఉంది. ముప్పై ఐదు. మునిగినవాడు సాక్ష్యం చెప్పడు. తిట్టుకుంటూ పైకి లాగి, చెంప మీద ఒకటిచ్చి, బండమీద పడేసి చేతులు కట్టేశాడు.

తలెత్తేసరికి నెమలి అవతలి రాళ్ళ కొసన ఉంది. కుడిచేతిలో పిస్టల్. "అక్కడే ఆగండి అన్నయ్యగారూ. తొందరపడి వదిన్ని ఒంటరిదాన్ని చెయ్యకండి."

స్పీడ్‌బోట్ వచ్చేసింది. నల్లకళ్ళద్దాల మనిషి ఒకడు ముందుకు వంగి చెయ్యి చాచాడు. సరిగ్గా నాలుగు. కందిరీగకు ఆమెకూ మధ్య పాతిక అడుగులు, ఒక తూటా.

నెమలి ఎడమచేత్తో గుండీ విప్పి జేబులో చెయ్యి పెట్టింది.

మొహం మారింది.

ఇంకా లోపలికి పెట్టింది. మోచేయి దాకా దిగింది చెయ్యి. జేబుకు అడుగు లేదు.

"ఇక్కడే పెట్టాను!" అంది తనతో తనే. వెతకడానికి రెండు చేతులూ కావాలి. పిస్టల్ బండ మీద పెట్టింది. కోటు విప్పి దులిపింది, తిరగేసింది, రెండో జేబు చూసింది. నల్లకళ్ళద్దాల మనిషి వాచీ చూసుకుని ఏదో భాషలో అరిచాడు. "ఒక్క నిమిషం," అని బతిమాలింది. అతను ఒకటిచ్చాడు. ఇంకొకటి ఇచ్చాడు. మూడోది ఇస్తుండగా కొండకొమ్ము చాటునుంచి పెట్రోల్ బోట్ తిరిగింది.

స్పీడ్‌బోట్ ఆమెను రాళ్ళ మీదే వదిలేసి పరుగు తీసింది. రెండు మలుపులు కూడా దాటలేదు.

కందిరీగ అప్పటికే పాతిక అడుగులూ నడిచి పిస్టల్ తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో నెమలి కోటు భుజాన వేసుకుని పెట్రోల్ బోట్‌లో కూర్చుంది. చివరికి, "మనం ఎక్కడికి వెళ్తున్నాం అన్నయ్యగారూ?" అంది.

"'మనం' కాదమ్మా. మేం జెట్టీ దగ్గర దిగిపోతాం. నువ్వొక్కదానివే ఇంకా చాలా దూరం వెళ్తావు."

జెట్టీ మీద అతని భార్య నిలబడి ఉంది. చేతిలో చిన్న కత్తెర. ఎవరినీ పలకరించకుండా వచ్చి, నెమలి భుజాన వేలాడుతున్న కోటు అంచు పట్టుకుని, లైనింగు కుట్టు నాలుగు చోట్ల తెంపింది. జేబు అడుగున ఆమె వదులుగా వేసిన పచ్చికుట్లు ట్యూబు బరువుకు పొద్దున్నే తెగిపోయాయి. కోటు అంచున మాత్రం రెండు పేటల దారంతో గట్టిగా కుట్టింది. ట్యూబు రోజంతా ఆ అంచులోనే, నెమలి మోకాళ్ళకు తగులుతూ ఉంది. ఇప్పుడు టప్పున చెక్కల మీద పడింది.

ఆమె దాన్ని చూడనైనా చూడలేదు. నెమలి కళ్ళలోకి చూసింది.

"లోతు సరిపోయిందా, అమ్మాయ్?"

నాలుగు నెలలు ఏడ్చిన కళ్ళు అవి. ఆ క్షణంలో ఒక్క బొట్టు కూడా దొరకలేదు వాటికి. నెమలే ముందు తల దించుకుంది. భార్య కత్తెర సంచిలో వేసుకుని ఇంటి వైపు నడిచింది. ఇరవై అడుగులు వెళ్ళాక ఆగి, తడిబట్టలతో వస్తున్న మొగుడి చొక్కాలో మొహం దాచుకుని, తమ్ముడి కోసం మొదటిసారి నెమలి తోడు లేకుండా ఏడ్చింది.

సోమవారం చీఫ్ గదిలో కందిరీగ పర్సు ఖాళీ చేశాడు. టూర్ కంపెనీ రాసిచ్చిన పాత కాగితాన్ని శనివారం రాత్రి గైడ్ చేతే నమిలించి మింగించాడు. దాని చోట ఇప్పుడు తడిసి ఆరిన ఫీడ్‌బ్యాక్ కార్డు ఒకటుంది. అతను పెన్ను తీసి పద్ధతిగా నింపడం మొదలుపెట్టాడు.

'మీ గైడ్ సమాచారం బాగా అందించారా?' అని అడిగింది కార్డు.

పక్కగదిలోంచి వస్తున్న గొంతును కాసేపు విని, కందిరీగ రాశాడు: 'ఇంకా అందిస్తూనే ఉన్నాడు.'