మోకాలి లోతు

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. వానలో పుట్టే ప్రేమకథలంటే నాకు ఒళ్ళుమంట. ఒక గొడుగు, ఇద్దరు మనుషులు, తడిసిన జుట్టు... దార్ ఎస్ సలామ్‌లో ఏప్రిల్ వాన గురించి అలా రాసేవాళ్ళు మిట్ట మీద మేడల్లో ఉండేవాళ్ళయ్యుంటారు. అయినా నేను చెప్పబోయేది వానలో ప్రేమకథే. ఏం చేస్తాం, స్కోలాకి అలా రాసిపెట్టి ఉంది.

స్కోలా అంటే స్కొలాస్టికా. సొంగేయా కొండల పిల్ల. మ్యాపుల చదువు పూర్తికాగానే వరద మ్యాప్ ప్రాజెక్టులో చేరింది. చేతిలో ఫోను, భుజాన రంగుల పట్టీలున్న కొలకర్ర. ఏటి పల్లంలో ఇల్లిల్లూ తిరిగి ఒకటే ప్రశ్న అడగాలి: పోయిన పెద్ద వరదలో నీళ్ళు మీ ఒంటి మీద ఎక్కడిదాకా వచ్చాయి? మడమా, మోకాలా, నడుమా, ఛాతీయా? జవాబు ఫోన్లో నొక్కితే మ్యాప్‌లో ఆ ఇంటికి ఒక రంగు పడుతుంది. లేత పసుపైతే ఫరవాలేదని. ముదురు నీలమైతే, వరదొచ్చినప్పుడు పడవ ముందు అక్కడికే.

బొందేని వీధిలో అడుగుపెట్టిన రోజే ఆమె కొలకర్ర, కర్రపెండలం వేయించి అమ్మే షొమారి బండికి తగిలింది. మిరప్పొడి డబ్బా మొత్తం వేగుతున్న కర్రపెండలం మీద బోర్లా పడింది. వీధంతా ఒకటే దగ్గు.

"మేడమ్, మీరు వరద కొలవడానికొచ్చారా, తేవడానికొచ్చారా?" అన్నాడు షొమారి, కళ్ళు తుడుచుకుంటూ.

"సారీ. అయినా బండి దారికి అడ్డంగా పెడితే ఎలా?"

"బండి మా తాత కాలం నుంచీ ఇక్కడే ఉంది. దారే తర్వాతొచ్చింది."

స్కోలా నవ్వు ఆపుకుని ఫోను తీసింది. "పోయిన వరదలో నీళ్ళు ఎక్కడిదాకా?"

అతని చూపు ఎదురు గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళ మీదికి వెళ్ళొచ్చింది. "మోకాలు."

"మోకాలేనా?"

"నా మోకాలు. మీకైతే ఇంకాస్త పైకి."

పొట్టితనం మీద జోకులంటే స్కోలాకి చిరాకు. ఆ రోజు ఎందుకో చిరాకు రాలేదు. వీధిలో గోడలన్నీ ఛాతీ ఎత్తుదాకా కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. ఎంత శుభ్రమైన మనుషులో అనుకుని ఫొటో కూడా తీసుకుంది.

స్కోలాకి తెలియనిది మీకు చెప్పేస్తాను. పక్క వీధివాళ్ళు ఒకప్పుడు ఎవరో అడిగితే ఛాతీ లోతని నిజం చెప్పారు. కొన్నాళ్ళకి వాళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు పడ్డాయి. ముంపు చోట ఇళ్ళుండకూడదని సర్కారు కూల్చేసింది, ఇంకొన్నాళ్ళకి గోడలే లేవు. అప్పట్నుంచి బొందేనిది ఒకటే మాట. ఎవరడిగినా మోకాలు. వరద మరకల మీద సున్నం.

రూలు ప్రకారం ప్రతి వీధికీ రెండోసారి వెళ్ళాలి. ఇంకో పెద్దమనిషిని అడిగి లెక్క సరిచూడాలి. స్కోలా వెళ్ళింది. రెండోసారే కాదు, చాలాసార్లు వెళ్ళింది. వేడి కర్రపెండలం తింది, ఫోన్లో 'సరిచూశాను' అని నొక్కింది, మళ్ళీ తింది.

"ఇంకా ఎన్నిసార్లు సరిచూస్తారు మేడమ్?"

"ఉప్పు సరిపోయేదాకా."

షొమారిని పెంచింది వాళ్ళ నానమ్మ, బీబీ మ్వానహావా. ఒకరోజు ఆవిడ చాప మీద కూర్చుని కొబ్బరి కోరుతూ స్కోలాని ఎగాదిగా చూసింది.

"పిల్లా, నీకు ఈతొచ్చా?"

"కొండల్లో ఈతెక్కడిది బీబీ?"

"అయితే కష్టమే. ఈ ఇంటికొచ్చే కోడలికి వంట రాకపోయినా ఫరవాలేదు. ఈత రావాలి."

షొమారి చేతిలో జల్లిగరిటె నూనెలో పడింది. స్కోలా చెవులు వేడెక్కాయి. ఆమెకి కోడలన్న మాటే వినబడింది. ఈతన్న మాట వినబడలేదు.

ఆ సాయంత్రం షొమారి ఆమె ఫోన్లో మ్యాపు చూశాడు. "మా వీధి ఇంత పాలిపోయిందేంటి?"

"మోకాలేగా మరి. పడవలు ముందు నీలం వీధులకెళ్తాయి."

అతను చాలాసేపు ఆ పసుపునే చూశాడు. "ఈ మ్యాపు ఎవరెవరు చూస్తారు? ఇళ్ళు కూల్చేవాళ్ళు కూడానా?"

"వాళ్ళకేం పని? ఎందుకడిగావ్?"

చెప్పాలని నోరు తెరిచాడు. వీధంతా కలిసి అనుకున్న మాట, ఒక్కడి నోట్లోంచి ఎలా వస్తుంది?

"ఏం లేదు. తినండి, చల్లారిపోతోంది."

ఏప్రిల్ వచ్చింది. మూడు పగళ్ళు ఆకాశం తెరిపివ్వలేదు. నాలుగో ఉదయం స్కోలా కంట్రోల్ రూములో తెర ముందు కూర్చుంది. మ్యాప్‌లో ఎక్కడ నీలముందో అక్కడికల్లా పడవలు వెళ్ళిపోయాయి. అంతా లెక్క ప్రకారమే. లోపల కాస్త గర్వం కూడా.

ఫోన్ మోగింది.

"స్కోలా." మొదటిసారి మేడమ్ అనలేదు.

"ఎక్కడున్నావ్? మీది పసుపే కదా, భయం లే..."

"ఛాతీకొచ్చింది."

"ఎవరి ఛాతీ?" పిచ్చి ప్రశ్న. నోరు అదే అడిగింది.

"నాది. బీబీని రేకుల మీదికి ఎక్కించాను. మోకాలని నేను చెప్పింది అబద్ధం. వీధంతా చెప్పింది అబద్ధం. తర్వాత తిడుదువుగానీ, ముందు పడవ పంపు."

స్కోలా లేచి నిలబడింది. పక్కన ఆఫీసరు తెర వైపు చూపించాడు. "పసుపు వీధికి పడవేంటమ్మా?"

"అది పసుపు కాదు సార్! కాదు!"

అన్ని పడవలూ దూరంగా ఉన్నాయి. ఒకదాన్ని వెనక్కి తిప్పి బొందేని చేర్చేసరికి మధ్యాహ్నమైంది. కప్పుల మీద ఉన్నవాళ్ళని దింపారు. షొమారిని కరెంటు స్తంభం నుంచి విడదీశారు. అతని ఇంటి రేకులు ఒక పక్క కూలిపోయి ఉన్నాయి.

నీళ్ళు తీశాక బీబీ వంతెన కింద దొరికింది. వీధిలో అందరికంటే బాగా ఈదేది ఆవిడే.

ఖననం రోజు స్కోలా దూరంగా ఆడవాళ్ళ వెనక నిలబడింది. షొమారి తల ఎత్తలేదు. తర్వాత అతను ఫోన్ చెయ్యలేదు, ఆమె కూడా చెయ్యలేదు. రోజూ ఫోన్లో అదే పేజీ తెరిచేది: బొందేని వీధి, మోకాలు, సరిచూశాను. కింద తన పేరు.

చివరికి ఒక మబ్బులేని పొద్దున బయల్దేరింది.

షొమారి గరిటెతో గోడ మీద సున్నం గీకుతున్నాడు. ఎదురింటావిడ గుమ్మంలోంచి అరుస్తోంది. "నీ గోడ నీ ఇష్టం. మా గోడ జోలికొచ్చావంటే చేతులు విరుస్తా!"

అతను స్కోలాని చూశాడు. "తిట్టడానికొచ్చావా?"

"తిట్టించుకోడానికొచ్చాను. రెండోసారి బీబీని అడగాల్సింది. అడగకుండా తినేసి పోయాను."

"అడిగినా మోకాలనే చెప్పేది."

"ఏమో. ఈతొచ్చా అని ఆవిడే నన్నడిగింది షొమారీ. నేనే వినలేదు."

అతను మళ్ళీ గరిటె ఆడించాడు. సున్నం రాలిన చోట పాత మరక గోధుమరంగులో బయటపడింది. దాని పైన, ఇంకా ఎత్తులో, కొత్త మరక. జేబులోంచి బొగ్గు ముక్క తీసి కొత్త మరక వెంట గీత గీశాడు. దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రాసుకో. ఛాతీ. నా ఛాతీ."

స్కోలా వెళ్ళి పక్కన నిలబడింది. గీత ఆమె గడ్డం కింద ఆగింది. "నాకైతే గొంతు."

ఇద్దరూ నవ్వలేదు.

"ఇది నొక్కితే మీ గోడ మీద ఎర్ర గుర్తు పడొచ్చు. పడదని నేను మాటివ్వలేను."

"తెలుసు. గోడ పోతే బండి ఇంకోచోట పెట్టుకుంటా. పడవ రాకపోతే ఏం చెయ్యను?"

ఆమె నొక్కింది. తెర మీద ఆ ఇల్లు ముదురు నీలమైంది. చుట్టూ వీధంతా ఇంకా పసుపే.

"షొమారీ."

"ఊఁ."

"నాకు ఈత నేర్పుతావా?"

బొగ్గు ముక్క కింద పడింది. అతను గోడకేసి తిరిగి ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అంత్యక్రియల్లో ఏడవనివాడు ఇప్పుడు ఏడ్చాడు. స్కోలా అతని వీపు మీద చెయ్యేసి అలాగే ఉండిపోయింది.

"నీళ్ళంటే నాకిప్పుడు అసహ్యం," అన్నాడు ఇటు తిరక్కుండానే.

"నాకు భయం. సరిపోయింది."

అతను మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "సముద్రంలో నేర్పుతా. ఏట్లో కాదు."

ఎదురింటావిడ అరుపు ఎప్పుడో ఆగిపోయింది. తన గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. గీకుతుందో లేదో నాకూ తెలీదు.

ఇక మీ వంతు. మీ గోడ మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ఆ రోజు మొదట ఎవరికి ఫోన్ చేశారు? నాకు రాయండి. మోకాలని మాత్రం రాయకండి, నిజంగా మోకాలైతే తప్ప.