లక్క సీలు

"ఇది సీలా సార్? ఎండకి కరిగిన బెల్లం ముద్దలా ఉంది."

గీతిక ఆ మాట అన్నప్పుడు కౌంటర్ అవతలి మనిషి వానలో తడిసి ముద్దయి ఉన్నాడు. ఉప్పల్ నుంచి నాచారం దాకా బండి మీద వచ్చాడు. నెత్తిన హెల్మెట్ ఇంకా తీయలేదు. శాంపిల్ పెట్టెకు మాత్రం ఒక్క చుక్క తగలలేదు. తన రెయిన్‌కోటు దానికి తొడిగి, తాను తడుస్తూ వచ్చాడు.

"సీలే మేడం. జర పక్కకు వంగింది, గంతే."

"వంగడం కాదు, అక్షరాలే పడలేదు. మీరు విడిగా పంపిన నమూనా ముద్ర చూడండి, దీన్ని చూడండి. రెండూ ఒకటేనని నేను సంతకం పెట్టాలి. పెట్టను."

"అంటే?"

"అంటే రిటర్న్. మళ్లీ షాపుకెళ్లి కొత్త శాంపిల్ తీసి, సరిగ్గా సీలేసి పంపండి."

అతను హెల్మెట్ తీశాడు. ఇంత చిరాకు పెట్టాను కదా, ముఖం ఎర్రబడి ఉంటుందనుకుంది గీతిక. నవ్వుతున్నాడు.

"గింత వానల గింత దూరమొస్తే ఛాయ్ తాగుతవా అని గూడ అడగకుంట రిటర్నా? మస్తు గట్టి మనిషున్నరు మీరు."

గీతికకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఆపుకోవడం అతను చూసేశాడు. అంతా అక్కడ మొదలైంది. అక్కడే ఆగిపోయినా బాగుండేదని తర్వాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

అతని పేరు బెన్నీ. డ్రగ్ ఇన్‌స్పెక్టర్. ఉప్పల్ చుట్టుపక్కల పశువుల మందుల షాపులన్నీ అతని కిందికే వస్తాయి. షాపులోంచి సీసాలు తీసి, గుడ్డలో చుట్టి, దారం కట్టి, ముడి మీద ఎర్రటి లక్క కరిగించి పోసి, తన ఇత్తడి ముద్ర నొక్కి నాచారం ల్యాబ్‌కి పంపాలి. పశువుల మందులూ, పురుగుమందులూ అసలువో నకిలీవో తేల్చే ల్యాబ్ అది. గీతిక అక్కడ అనలిస్టు. మందు సంగతి చూసేముందు ఆమె సీలు సంగతి చూడాలి. సీలు చెడితే దారిలో ఎవరో మందు మార్చేశారని కంపెనీ లాయరు కోర్టులో గంతులేస్తాడు. అందుకే ఆ రూలు. మంచి రూలే.

సీలు బాగుంటే పార్శిల్ కొరియర్‌లో వచ్చి, సంతకంతో లోపలికి పోతుంది. సీలు బాగోకపోతే ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి సంజాయిషీ రాసిచ్చి వెనక్కి పట్టుకుపోవాలి. బెన్నీ రెండో శాంపిల్ చక్కటి సీలుతో కొరియర్‌లో వచ్చింది. గీతిక ఆ వారమంతా పిపెట్ల మీదా బీకర్ల మీదా విసుక్కుంది. ఎందుకో తనకే తెలియదనుకుంది. తెలుసు.

ఆ తర్వాతి శాంపిల్‌లో ఒక అక్షరం సగమే పడింది. ముడి చెదరలేదు, దారం తెగలేదు. అలాంటప్పుడు "స్వల్ప లోపం" అని రాసి తీసుకోవచ్చు. ఆ అధికారం గీతికకు ఉంది. కానీ ఆమె ఫోన్ తీసింది.

మర్నాడే వచ్చాడు. ఆ రోజు వాన లేదు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఈసారి ఏమైంది సార్?"

"చెయ్యి వణికింది మేడం."

"ఎందుకూ?"

"మీరు సూస్తరని."

అంతే. ఇక సీళ్లకు రోగమొచ్చింది. ఒకసారి అంచు విరిగేది, ఒకసారి ముద్ర తలకిందులయ్యేది. కావాలనే చెడగొడుతున్నాడని ఆమెకు తెలుసు. కావాలనే వెనక్కి పంపుతోందని అతనికీ తెలుసు. ఇద్దరూ దొంగలే. ఎవరూ బయటపడలేదు. రూలు చాటున దాక్కుని ప్రేమించుకున్నారు.

శాంపిల్ వెనక్కి తీసుకున్నాక ల్యాబ్ గేటుకు ఎదురుగా పాపమ్మ బండి దగ్గర టీ తాగేవాళ్లు. పాపమ్మకు మౌలాలి రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డూ, అందులో రాణి అనే గేదే ఉన్నాయి. రాణి పాలతోనే ఆ టీ, దాంతోనే ఆమె బతుకు. రాణి చూడితో ఉండి పాలు ఇంకిపోయాక పాపమ్మ వేరే వాళ్ల దగ్గర పాలు పోయించుకుంటూ, ఎప్పుడు ఈనుతుందా అని ఎదురుచూస్తోంది.

"ఏంది బిడ్డా, దినాం పెట్టెలు మోసుడేనా, లగ్గం మాట ఏమన్న ఉన్నదా?" అనేది పాపమ్మ.

"పెద్దమ్మా, నువ్వు ఊకో. మేడం నన్ను గూడ రిటర్న్ జేస్తది" అనేవాడు బెన్నీ.

"ముందు సీలు సరిగ్గా వేయడం నేర్చుకోండి, తర్వాత చూద్దాం" అనేది గీతిక, టీ గ్లాసులోకి చూస్తూ.

శ్రావణంలో వాన పట్టుకున్న రోజుల్లో కాల్షియం సీసాల శాంపిల్ వచ్చింది. ఈనిన గేదె ఒంట్లో కాల్షియం పడిపోయి కూలబడితే నరానికి ఎక్కించే మందు అది. మంచి మందైతే కాసేపట్లో గేదె లేచి నిలబడుతుంది. సీలు అన్ని విధాలా బాగుంది, చివరి అక్షరం అంచు ఒక్కటే అరిగినట్టుంది. భూతద్దం పెట్టి వెతికితే తప్ప కనపడదు. గీతిక భూతద్దం పెట్టి వెతికింది. అతన్ని చూసి చాలా రోజులైంది మరి.

"గిది గూడ రిటర్నా?" ఫోన్ అందుకుని వచ్చిన బెన్నీ కళ్లు పెద్దవి చేశాడు. "గీసారి నిజంగ మంచిగనే ఏసిన మేడం!"

"అంటే ఇన్నాళ్లూ మంచిగా వేయలేదా?"

దొరికిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. బయట వాన హోరున కురుస్తోంది. పాపమ్మ బండి మీది పట్టా కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడినప్పుడు, గ్లాసు కింద పెట్టి అడిగేశాడు.

"మీ నాన్నగారితోని మాట్లాడాలె. ఎప్పుడు రావాలె?"

"ముందు నేను మాట్లాడతాను. మీ చర్చి సంగతి వింటే ఆయన ఎలా తీసుకుంటారో తెలీదు."

పాపమ్మ వినేసింది. ముఖమంతా నవ్వుతో, "రాణి పది పన్నెండు దినాలల ఈనుతది. జున్ను పెడ్త. ఇద్దరు కలిసి రావాలె, ఒక్కలొస్తే పెట్టను" అంది.

ఆ రాత్రి ఏఎస్ రావు నగర్‌లోని ఇంట్లో గీతిక నాన్నకు చెప్పింది. రామ్మోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయాడు.

బెన్నీ కొత్త శాంపిల్ తీయడానికి వెళ్తే షాపు మూసి ఉంది. యజమాని ఇంట్లో పెళ్లట. తెరిచేసరికి వారం దాటింది. తెరిచాక ఆ సీసాలు మళ్లీ ఎవరెవరి షెడ్లకు వెళ్లాయో ఎవరికీ పట్టలేదు. మామూలు తనిఖీయే కదా, మందు మీద అనుమానం లేదు కదా అనుకున్నారు.

కొత్త శాంపిల్ వచ్చింది. గీతిక పరీక్ష మొదలుపెట్టింది. బ్యూరెట్ కుళాయి తిప్పీ తిప్పగానే ఫ్లాస్కులో రంగు మారిపోయింది. కాల్షియం ఉంటే అంత తొందరగా మారదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. సీసాలో ఉన్నది మందు కాదు, నీళ్లు.

ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. ఫోన్ చేసింది.

"సార్! పెద్ద దొంగ దొరికాడు! బొట్టు కాల్షియం లేదు. ఇప్పుడే రిపోర్టు ఇస్తున్నా, స్టాకంతా ఆపించేయండి!"



"మేడం... రాణి సచ్చిపోయింది."

"ఏంటి?"

"నిన్న ఈనింది. కూలవడ్డది. పెద్దమ్మ ఉప్పల్ నుంచే సీసాలు తెప్పిచ్చింది. డాక్టర్ ఒకటెన్క ఒకటి ఎక్కిచ్చిండు. లేవలే."

"ఏ బ్యాచ్?" అని అడిగింది గీతిక. అడక్కుండా ఉండాల్సింది.

"గదే."

సాయంత్రం షెడ్డు దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. రాణిని అప్పటికే మున్సిపాలిటీ బండి తీసుకెళ్లిపోయింది. గడ్డి మీద అది పడుకున్న చోటు ఇంకా నలిగి ఉంది. దూడ ఒకటే అరుస్తోంది. పాపమ్మ వాళ్లను చూసి లేచి వచ్చి, ఇద్దరి చేతులూ పట్టుకుంది.

"డాక్టర్ సెప్పిండు కొడుకా. గా దొంగ మందును మీరే పట్టిన్రట. మీరు లేకుంటె ఇంక ఎన్ని బర్రెలు పోతుండెనో. నా రాణి ఎట్లనో పోయింది. మీరు సల్లగుండాలె. మీ లగ్గానికి జున్ను పెడ్తననుకున్న, నా నసీబుల లేదు."

గీతిక చెయ్యి వెనక్కి లాక్కుంది. బెన్నీ తల దించుకున్నాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే సరిపోయేది, పాపమ్మకు ఎన్నటికీ తెలిసేది కాదు. కానీ గీతిక ఊరుకోలేకపోయింది.

"పెద్దమ్మా, మేము దీన్ని ముందే పట్టుకోగలిగేవాళ్లం. సీసాలు నా దగ్గరికి ముందే వచ్చాయి. సీలు బాగోలేదని వెనక్కి పంపాను. నిజానికి బాగానే ఉంది. మళ్లీ ఈయన వస్తారని పంపాను."

"నేను గూడ," అన్నాడు బెన్నీ. "ఇన్ని దినాలు సీళ్లు కావాలని చెడగొట్టిన పెద్దమ్మా. ఈమెను సూడనీకి."

పాపమ్మకు సీళ్ల సంగతి తెలియదు. ఒక్కటే అడిగింది.

"మీరు ఆపకుంటె నా బర్రె బతుకుతుండెనా?"

గీతిక దూడ వైపు తిరిగింది. బెన్నీయే చెప్పాడు.

"బతుకుతుండె పెద్దమ్మా."

పాపమ్మ వాళ్లను తిట్టలేదు. శపించలేదు. వెళ్లి దూడ పక్కన కూర్చుని, డబ్బాపాలలో వేలు ముంచి దాని నోట్లో పెట్టింది. వీళ్లవైపు మళ్లీ చూడలేదు. తిడితే బాగుండేది.

తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. ఇద్దరూ వానలో నిలబడ్డారు. గూడ్సు బండి ఎంతకీ అయిపోవడం లేదు.

"గీతికా," అన్నాడు బెన్నీ. మేడం అనకుండా పిలవడం అదే మొదటిసారి. "నువ్వంటె నాకు పానం."

"నాకూ నువ్వంటే ప్రాణమే. అది చెప్పడానికి ఒక ఫోన్ చేసుంటే సరిపోయేది. సీళ్లు ఎందుకు విరిచాం మనం?"

"సెప్పనీకి ధైర్యం లేక."

"పెళ్లి చేసుకుందామా?" అడిగింది. ఆశతో కాదు. అడగకపోతే జీవితమంతా గుచ్చుకుంటుందని అడిగింది.

అతను చాలాసేపు ఏడ్చి, ముఖం తుడుచుకున్నాడు. "నిన్ను సూస్తె నాకు గా దూడ అరుపు ఇనవడ్తది. నన్ను సూస్తె నీకు ఇనవడదా?"

వినపడుతోంది. అప్పుడే వినపడుతోంది. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"ఇగ సీళ్లు మంచిగ ఏస్త," అన్నాడు. గేటు లేచింది. అతను పట్టాలు దాటి ఉప్పల్ వైపు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి రామ్మోహనరావు వరండాలోనే కూర్చుని ఉన్నాడు.

"ఆలోచించానమ్మా. మీ అమ్మకి నేను నచ్చజెబుతాను, చుట్టాల సంగతి నాకొదిలేయ్. ఆ అబ్బాయిని ఆదివారం భోజనానికి రమ్మను."

గీతిక ఆయన ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందంతో అనుకున్నాడు పాపం, తల నిమురుతూ, "పిచ్చిపిల్లా, ఇందుకా ఇన్నాళ్లూ తిండి మానేశావ్?" అన్నాడు.

ఉప్పల్ షాపు లైసెన్సు పోయింది. కంపెనీ మీద కేసు పడింది. ల్యాబ్ గేటుకు ఎదురుగా పాపమ్మ బండి లేదు, ఇనుప చక్రాల గుర్తులున్నాయి. గీతిక ఇంటి నుంచి నెల నెలా దూడకు దాణా పంపితే పాపమ్మ తీసుకుంది గానీ, ఎవరు పంపారని అడగలేదు.

కార్తీకంలో ఒక ఉదయం కొరియర్ అబ్బాయి పార్శిల్ పెట్టి వెళ్లాడు. పంపినవాడు బెన్నీ. గీతిక గుడ్డ కట్టును వెలుతురులోకి తిప్పింది. ప్రతి ముడి మీదా ఎర్రటి లక్క గుండ్రంగా, నున్నగా ఉంది. అక్షరాలు ఒక్కొక్కటీ చెక్కినట్టు పడ్డాయి. భూతద్దం తీసి చూసింది. అంచులు చూసింది, చివరి అక్షరం మరీ మరీ చూసింది, దారం లాగి చూసింది. ఎక్కడైనా ఒక్క గీటు దొరికితే చాలని వెతికింది.

ఏమీ దొరకలేదు. పక్క బల్ల దగ్గరి తోటి అనలిస్టు సుష్మ, "ఎలా ఉంది, తీసుకోవచ్చా?" అని అడిగింది.

"సరిగ్గా ఉంది," అని గీతిక సంతకం పెట్టింది.