గయలో వదిలిన పిలుపు

కింది బెర్తు మీద ఎవరో ముసుగు తన్ని పడుకున్నారు. సుహాసిని చేతిలోని టికెట్టు మళ్లీ చూసింది. నంబరు అదే. వెనుక మామ కురుమయ్య మోకాలు పట్టుకొని, కిటికీ కడ్డీకి ఆనుకొని నిలబడ్డాడు.

"హలో! జర లెవ్వుండ్రి. ఇది మా సీటు."

ముసుగు కదల్లేదు. గొడుగు మొనతో భుజం మీద ఒక్క పోటు పొడిచింది.

"అమ్మా!" అంటూ లేచిన మనిషి తల పై బెర్తుకు ఠంగుమని తగిలింది. "ఏందండీ, మనిషిని గిట్ల పొడుస్తరా? పొద్దటి సంది బియ్యం బస్తాలు ఎక్కిచ్చి ఎక్కిచ్చి ఇప్పుడే నడుము వాల్చిన."

"వాల్చుకుంటే మీ సీట్ల వాల్చుకోండ్రి. మా మామకు మోకాళ్ల నొప్పులు. పైకెక్కలేడు."

అతను కురుమయ్య వైపు చూసి గబగబా దుప్పటి మడిచాడు. "కూసో పెద్దయ్యా. నీ మేనకోడలు పోలీసు నౌకరీ చేస్తదా ఏంది?"

కురుమయ్య నవ్వాడు. కొడుకు పోయిన ఈ రెండేళ్లలో ఆ ముఖం మీద సుహాసిని నవ్వు చూడలేదు. అందుకే అతని పొరపాటును ఆమె సరిచేయలేదు. మామ అంటే మేనమామే అనుకుంటే అనుకోనీ. రైలు దిగితే ఎవరికెవరు!

ఆ రైలు బుద్ధుడు తిరిగిన ఊళ్లన్నీ చూపించే యాత్రా రైలు. గద్వాలలో బౌద్ధ సంఘం వాళ్లు ఒక బోగీ మొత్తం మాట్లాడుకున్నారు. మిగిలిన సీట్లలో కురుమయ్యలాంటి వాళ్లు కొందరు ఎక్కారు. బిజినేపల్లి పక్క పల్లెలో వేరుశనగ పండించే కురుమయ్యకు బుద్ధుడి సంగతి పెద్దగా తెలియదు. ఆ రైలు గయలో ఆగుతుందని మాత్రం తెలుసు. గయలో కొడుకు పేరు మీద పిండం పెట్టాలి. అతనికి కావలసింది అంతే.

కొడుకు దేవరాజు పెండ్లయ్యాక రెండో వానాకాలం చూడలేదు. తడి చేత్తో మోటరు స్టార్టరు ముట్టుకొని కరెంటు షాకుతో పోయాడు. సుహాసిని పుట్టింటికి పోలేదు. అత్త అంతకుముందే కాలం చేసింది. కన్నకొడుకు లేని ఇంట్లో ఆ ముసలాయన్ను ఒంటరిగా వదిలి పోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

సుహాసిని గొడుగు దెబ్బ తిన్న మనిషి పేరు జితేందర్. గద్వాలలో డ్రైవింగు స్కూలు నడుపుతాడు. యాత్రలో చాయ పోయడం, ఎవరైనా తప్పిపోతే వెతకడం అతని పని. మామకు ఇచ్చే చాయ గ్లాసు పట్టుకొని పూటకు నాలుగుసార్లు ఆ బెర్తు దగ్గరికి వచ్చేవాడు.

"పెద్దయ్యా, నీ మేనకోడలు ఇయ్యాల గూడ గుర్రుగనే ఉన్నదా?"

"గొడుగు ఇంకా నా చేతులనే ఉంది, చూసుకోండ్రి," అనేది సుహాసిని.

కుశీనగర్‌లో బుద్ధుడు పక్కకు ఒరిగి పడుకొని ఉన్నాడు. ఒంటి నిండా బంగారు రంగు బట్ట. అందరూ ప్రదక్షిణ చేసి బయటికి పోతుంటే, కురుమయ్య ఆ పాదాల దగ్గర కూలబడ్డాడు.

"నా కొడుకును బాయి కాడ గిట్లనే పండవెట్టిన్రు. నిద్రపోయినట్టే ఉండె. లేస్తడనుకున్న."

సుహాసిని కొంగు నోటికడ్డం పెట్టుకొని తలుపు బయటికి వెళ్లిపోయింది. జితేందర్ వచ్చి కురుమయ్య పక్కన కూర్చున్నాడు. ముసలాయన ఏడ్చి ఏడ్చి అలసిపోయాక, చంకలో చేయి వేసి లేపి, బస్సు దాకా నడిపించుకొని వచ్చాడు.

ఆ రోజు సుహాసిని అతణ్ణి మొదటిసారి నిదానంగా చూసింది. అలా చూస్తున్నానని తెలిసి తల తిప్పుకుంది.

సారనాథ్‌లో వాన పట్టుకుంది. స్తూపం దగ్గర అందరూ చెల్లాచెదురైపోయారు. సుహాసిని గొడుగు కిందికి జితేందర్ సగం దూరాడు.

"భయపడకుండ్రి, సగం తడుస్త. సగం మీ దయ."

"దయ లేదు. పక్కకు జరుగుండ్రి."

"సరే, ఒక ముచ్చట చెప్త, గప్పటిదాంక ఉండనియ్యుండ్రి. మా కాడ ఒక సారు కారు నేర్చుకుంటుండు. ఎడమకు తిప్పు సార్ అంటే ముందు గడియారం చూసుకుంటడు. గడియారం ఉన్న చెయ్యి ఎడమ అన్నట్టు. ఒకనాడు గడియారం ఇంట్ల మర్చిపోయి వచ్చిండు."

"ఏమైంది?"

"ఏమైతది! సీదా పోయి బర్రెల మందల ఆపిండు. బర్రెలకు గూడ తెల్వదు ఎటు పోవాల్నో. సారు అద్దం దించి వాటినే అడుగుతుండు, ఎడమ ఎటు అని."

సుహాసిని నవ్వింది. ఆపుకోబోయింది, ఆగలేదు. గొడుగు ఊగిపోయి ఇద్దరూ తడిసిపోయారు. ఆ నవ్వు చూస్తూ జితేందర్ మాత్రం నవ్వడం మానేశాడు.

"సుహాసినిగారూ, మీ మామను ఒక మాట అడుగుదామనుకుంటున్న. మీకిష్టమైతేనే. మేనకోడలిని నాకిస్తవా పెద్దయ్యా అని..."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఆయన నాకు మేనమామ కాదు. మా ఆయన నాయిన. కుశీనగర్‌ల ఆయన ఏడ్చింది మా ఆయన కోసమే."

జితేందర్ నెమ్మదిగా గొడుగు కిందినుంచి బయటికి జరిగాడు.

"నాకు తెల్వదు. మాఫ్ చేయుండ్రి."

అతను వానలోనే నడిచి వెళ్లిపోయాడు. సుహాసిని వెనక్కి తిరిగితే, చాయ దుకాణం రేకుల కింద కురుమయ్య నిలబడి ఉన్నాడు. మాటలు వినపడే దూరం కాదు. నవ్వు మాత్రం వినపడే ఉంటుంది.

మరునాటి నుంచి చాయ ఇంకెవరో తెచ్చి పోశారు.

"ఆ గద్వాల పిలగాడు యాడికి పోయె?" అన్నాడు కురుమయ్య.

"నాకేం తెల్సు మామా."

"నిన్న నువ్వు నవ్వంగ విన్న కోడలా."

సుహాసిని కొంగు భుజం మీదికి లాక్కుంది. "తప్పైంది మామా."

"తప్పా?" అన్నాడు కురుమయ్య. ఇంకేదో అనబోయి, కిటికీ వైపు తిరిగాడు.

గయలో ఫల్గు నది ఒడ్డున పిండాలు పెట్టించే అయ్యగారికి తెలుగు వచ్చు. పోయినవాళ్ల పేరు చెప్పమంటే కురుమయ్య నోరు పెగల్లేదు. సుహాసినే చెప్పింది. "దేవరాజు."

పిండాలు నీళ్లలో కలిపాక అయ్యగారు అన్నాడు. "గయకు వచ్చినవాళ్లు తమకు బాగా ఇష్టమైంది ఒకటి వదిలి పోవాలి. కాయో, పండో. మళ్లీ ఈ జన్మలో ముట్టకూడదు."

"కాకరకాయ వదిలెయ్ పెద్దమనిషీ, పీడా పోతది," అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

కురుమయ్య చేతులు జోడించాడు. "అయ్యా, తినేదే వదలాల్నా? పిలిచేది వదిలితే నడుస్తదా?"

"పిలిచేదా?"

"కోడలా అని పిలుస్త ఈ పిల్లను. నా కొడుకు పోయినంక, గా పిలుపుల వాడింకా ఉన్నట్టే ఉండేది నాకు. కోడలు ఉన్నదంటే కొడుకున్నట్టే గద. గంతకన్న ఇష్టమైంది నా కాడ ఇంకేం లేదయ్యా. గదే వదులుతున్న."

దోసిలితో నీళ్లు తీసి నదిలో విడిచాడు.

"మామా!" సుహాసిని అతని చేతులు పట్టుకుంది. "గిదేంది మామా? నేనేం తప్పు జేసిన?"

"నీ తప్పేం లేదు. నువ్వు నవ్వకుంటే నా కొడుకు మీద ప్రేమ, పావురమే అనుకున్న. గిన్నొద్దులు కండ్లు మూసుకున్న. ఇయ్యాలటి సంది నువ్వు నా బిడ్డవు. కోడలిని ఇంట్ల ఉంచుకోవచ్చు. బిడ్డను ఎన్నటికైన పంపాల్సిందే గద."

"నిన్నిడిచి యాడికి పోను?"

కురుమయ్య ఆమె తల నిమిరాడు. ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చొని, దేవరాజు ఆనాడే పోయినట్టు ఏడ్చారు.

సాయంత్రం బుద్ధగయలో, చెట్టు నీడన కూర్చున్న జనంలోంచి కురుమయ్య జితేందర్‌ను వెతికి పట్టుకొచ్చాడు. సారనాథ్ ముచ్చట సుహాసిని అతనికి అప్పటికే చెప్పింది. ఆమె ఎదుటే అడిగాడు.

"ఏం పిలగా, నా బిడ్డను ఏదో అడిగినవట?"

జితేందర్ ముఖం పాలిపోయింది. "తెల్వక అడిగిన పెద్దయ్యా."

"ఇప్పుడు తెల్సింది గద. ఇప్పుడు అడుగుతవా, అడగవా?"

జితేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అడుగుత. గని మేమెవరమో మీకు తెల్సా? మీ ఊర్ల మా ఇండ్లు ఊరికి ఆవల ఉంటయి."

"రైలెక్కిన నాడే తెల్సు. నీ చేతి చాయ తాగుకుంటనే వచ్చిన."

ఇద్దరూ సుహాసిని వైపు చూశారు.

"నాకు టైం కావాలె. ఆయనను నేను మర్చిపోలేను. నవ్వినా సరే, ఏడ్చినా సరే, యాదికొస్తడు."

"మర్చిపొమ్మని నేనంటనా?" అన్నాడు జితేందర్. "ఆయన ఫోటో గూడ తెచ్చుకోండ్రి. మా గోడ మీద జాగ ఉంది. మీరు ఎప్పుడంటే గప్పుడు. వద్దంటే వద్దు."

ఆమె సరేననలేదు, కాదని కూడా అనలేదు. కురుమయ్యకు మాత్రం చాలాసేపటి దాకా కంటినీరు ఆగలేదు.

ఆరు నెలలు పోయాక సుహాసిని జితేందర్‌కు ఫోన్ చేసి సరేనంది. ఊళ్లో కులపోళ్లు గొడవ చేశారు. దగ్గరివాళ్లు మాటలు మానేశారు. కురుమయ్య ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఎవరి మాటా వినలేదు. పెండ్లి గద్వాలలో, బుద్ధుని ఫోటో ముందర జరిగింది. ఆడపిల్ల తండ్రి కూర్చునే చోట కొత్త ధోవతి కట్టుకొని అతనే కూర్చున్నాడు.

సాయంత్రం బస్టాండుకు సుహాసిని, జితేందర్ వెంట వచ్చారు. ఊరి వైపు పోయే వనపర్తి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కురుమయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ.

"రేపొస్త," అంది సుహాసిని, కిటికీ కడ్డీ పట్టుకొని. ఇంకో పిలుపు నోటి దాకా వచ్చింది. పెదవి కొరికి మింగేసింది. "రేపొస్త నాయినా."

కురుమయ్య తల ఊపాడు. కండ్లు తుడుచుకోలేదు. తుడిస్తే ఆమెకు తెలిసిపోతుంది.

కండక్టరు వచ్చాడు. "ఒక్కటేనా పెద్దయ్యా టికెట్?"

"ఒక్కటే," అన్నాడు కురుమయ్య. "బిడ్డ అత్తగారింట్ల ఉండిపోయింది."