కెమెరా వెనక కోనాదు

షామియానాలు మాట్లాడాలి. కుర్చీలు తెప్పించాలి. బంధువులకు నలుపు విడిచి కట్టుకోడానికి తెల్లబట్టలు కుట్టించాలి. కోనాదు గది తాళం తియ్యాలి. వీడియో తయారుచెయ్యాలి... దానికి ముందు కంప్యూటర్ కావాలి!

అఫ్రియే పెద్దకూతురు కోనాదు పోయి ఏడాది నిండబోతోంది. కుమాసి పట్నంలో ఎవరింట పెళ్లయినా, చావయినా వీడియో తీసి, అందంగా కూర్చి ఇచ్చింది ఆ పిల్లే. ఆమె అంత్యక్రియలకు మాత్రం కెమెరా పట్టినవాళ్లు లేరు! ఏడాది కర్మనాడైనా తెరమీద బిడ్డను కళ్లారా చూసుకోవాలని అఫ్రియే ఆశ.

కోనాదు పోయిన రోజే, ఆచారం ప్రకారం, అఫ్రియే అన్న అడ్డాయి ఆ గదికి తాళం వేశాడు. ఏడాదిదాకా పోయినవాళ్ల వస్తువులు ముట్టకూడదు. కంప్యూటర్ ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తనంతట తనే లేచేది... తలుపు కింద నీలి వెలుగు, ఫ్యాను రొద! "పనిలో ఉంది నా తల్లి..." అనుకుంటూ అఫ్రియే ఫూఫూ ముద్దల గిన్నెతో గడప దగ్గరే కూర్చునేది. వానాకాలంలో ఆ రొద ఆగిపోయింది. బిడ్డ మళ్లీ చచ్చిపోయినట్టు ఆమె గోడకు తల కొట్టుకుని ఏడ్చింది!

తాళం తీశాక చిన్నకూతురు దూఫియే పెట్టె విప్పి చూసింది. లోపలంతా కాలిపోయింది, అక్క వీడియోలున్న డిస్కు ఒక్కటే బతికుంది.

కంప్యూటర్ల అంగట్లో అడ్డాయి కళ్లు మెరిశాయి. "ఈ గ్రాఫిక్స్ కార్డు కొందాం. ఎన్ని రంగుల దీపాలో చూడు!"

"నువ్వు కొనేది దీపాలా, కంప్యూటరా మామయ్యా? అది ఆటలాడేవాళ్లకి. మనకి మంచి ప్రాసెసర్, ఎక్కువ మెమరీ, వేగమైన డిస్కు ఉంటే చాలు. గ్రాఫిక్స్ ఆ ప్రాసెసర్‌లోనే ఉంటాయి. తెర పాతదే వాడదాం. కరెంటు అందించే పవర్ సప్లై మాత్రం చవకది వద్దు."

"అబ్బో, పంతులమ్మా!"

"అక్క నేర్పిందే మామయ్యా..."

తెచ్చిన డబ్బు అక్కడికి సరి. "అక్క వీడియోల నకలు దాచడానికి ఇంకో డిస్కుంటే బావుండేది..." అని దూఫియే గొణిగింది. అఫ్రియే తన తెల్లబట్టకు దాచుకున్న డబ్బు తీసి, అన్నకు చెప్పకుండా కూతురి చేతిలో పెట్టింది. నకలు పూర్తయిన మర్నాడే పాత డిస్కు చెడిపోయింది!

వీడియోలన్నీ వెతికిన దూఫియే బావురుమంది. "అమ్మా... అక్క ఒక్కచోటా లేదే! అన్నిట్లో గొంతు మాత్రమే..."

కర్మనాడు అందరూ తెలుపులో, అఫ్రియే ఒక్కతే నలుపులో! "ఏడాది తిరిగినా ఈ నలుపేంటే? నలుగురిలో నా పరువు తీశావు కదే!" అని అడ్డాయి పళ్లు కొరికాడు.

తెర వెలిగింది. ఊళ్లోని ముఖాలన్నీ ఎవరినో చూసి నవ్వుతున్నాయి... "అమ్మమ్మా, ఇటు చూడు. ఆ, అదీ నవ్వంటే!" కోనాదు గొంతు! తర్వాత, మునుపు భార్య పోయినప్పుడు శవపేటిక దగ్గర కూలబడిన అడ్డాయి ముఖం... "ఏడవకు మామయ్యా, నేనున్నాగా..."

అడ్డాయి కుర్చీలోంచి లేచాడు.

"ఆ గొంతు మిగిలింది అమ్మ బట్టల డబ్బుతోనే మామయ్యా" అంది దూఫియే.

అతను భుజంమీది తెల్లబట్ట తీసి చెల్లెలికి కప్పాడు. "నన్ను క్షమించు తల్లీ..." ఆమె తెరకేసి చెయ్యి చాచింది, అంతే.

అమ్మల్లారా, మీ ఇంటి పెళ్లి వీడియో ఎప్పుడైనా చూస్తే, అందులో కనబడని పిల్లను ఒక్కసారి తలచుకోండి. ఆమె పేరు కోనాదు.