కుడి బొటనవేలు చేసిన పని

"మీకు అసలు కెమెరా పట్టుకోవడం వచ్చా?" అంది ఆ అమ్మాయి.

ఈ మాట ఎవరైనా ఎక్కడైనా అడగొచ్చు. నా స్టూడియోలో, నా స్టూలు మీద కూర్చుని, నేను తీసిన ఫోటో చేత్తో పట్టుకుని మాత్రం అడగకూడదు. నేను పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీసి బతికేవాణ్ణి. ఈ వీధిలో నేను గడ్డం పైకెత్తించని మనిషి లేడు.

"ఏమైంది మేడమ్?"

"నా చెవులు చూడండి. ఒకటి పైకి, ఒకటి కిందకి తీశారు."

ఫోటో చూశాను. ఆమెని చూశాను. మళ్ళీ ఫోటో చూశాను. ఫోటోలో తప్పేం లేదు.

"మీ చెవులే అలా ఉన్నాయి మేడమ్."

ఆమె ఫోన్ తీసి తన మొహం తను చూసుకుంది. ఎడమ చెవి చూసింది, కుడి చెవి చూసింది. తర్వాత కరెంటు తీగ ముట్టుకున్నదానిలా అలా ఉండిపోయింది.

"ఇన్నేళ్ళొచ్చాయి. ఒక్కళ్ళూ చెప్పలేదు."

"ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ చెప్పి ఉండరు."

"మా ఇంట్లోవాళ్ళకి అంత ప్రేమ లేదు. చూసి ఉండరు. మా ఇంట్లో అందరూ టీవీ వైపే కూర్చుంటారు."

తల కాస్త పక్కకి వంచమని ఇంకో ఫోటో తీశాను. చెవులు సమంగా వచ్చాయి, మూతి వంకర వచ్చింది. అది చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వుకి ఫోటో తీద్దామనుకునేలోపు ఆపేసింది. ఆమె పళ్ళ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు తయారుచేస్తుందట, ఐడీ కార్డుకి ఫోటో కావాలట. మూతి వంకరగా ఉన్నవాళ్ళకి ఆ ల్యాబ్‌లో ఉద్యోగం ఉండదట. చివరికి చెవుల ఫోటోయే తీసుకెళ్ళింది.

మళ్ళీ వర్షంలో కనపడింది. మామూలు వర్షం కాదు, ఎవరి మీదో కోపం పెట్టుకుని మా వీధి మీద తీర్చుకుంటున్న వర్షం. నా స్టూడియో షట్టర్ కింద నిలబడి ఫోన్‌లో ఏదో చూస్తోంది. నేను గొడుగు ఇచ్చే మంచివాడిలా వెళ్ళి, గొడుగు లేదు కాబట్టి ఊరికే నిలబడ్డాను.

ఫోన్‌లో లారీ అంత బల్లి ఒక మనిషిని తోకతో కొడుతోంది. మనిషి ఎగిరి బండకి గుద్దుకుని కింద పడ్డాడు.

"ఎవరండీ అది?"

"మా నాన్న. నిన్నటి వేట."

"ఆ బల్లా?"

"కాదు. పడ్డాయన."

నేను మళ్ళీ ఫోన్ వైపు తొంగిచూశాను. తర్వాత తనే నెమ్మదిగా చెప్పింది. రాక్షసుల్ని వేటాడే ఆట అట. ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో నలుగురూ కలిసి వేటకెళ్తారు: నాన్న, అమ్మ, అన్నయ్య, తను. ఇప్పుడు అన్నయ్యకి పెళ్ళయింది. ఆదివారాలు తనవని వదినగారు తేల్చి చెప్పేసింది. నాలుగో కుర్చీ ఖాళీ.

"దాన్లోకి మా బావని పిలుస్తానంటున్నారు నాన్న."

"బావగారు బాగా ఆడతారా?"

"ఆడ్డం కాదండీ బాధ. ఆ కుర్చీలో కూర్చున్నాడంటే ఇక లేవడు. ఆదివారం వేటకొస్తాడు. సోమవారం మా అత్త ఫోన్ చేస్తుంది. ఇంకో రెండు వారాలకి నా పెళ్ళి ఖాయమైపోయిందని ఎవరో వచ్చి నాకు చెప్తారు." ఫోన్ లోపల పెట్టి నా వైపు తిరిగింది. "మీకు ఈ ఆట వచ్చా?"

"వచ్చు" అన్నాను.

చిన్నప్పటి నుంచీ చాలా అబద్ధాలాడాను గానీ ఇంత నున్నగా ఏదీ రాలేదు.

"ఏ ఆయుధం?"

"అన్నీ."

ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "రేపు సాయంత్రం ఆట మెషీన్ తెస్తాను" అంది. "కస్టమర్లు లేనప్పుడు."

మా కస్టమర్లు ఆమెని నిరాశపరచలేదు. ఎవరూ రాలేదు. ఫోటోలు సరిచేసే పెద్ద మానిటర్‌కి మెషీన్ తగిలించి, కంట్రోలర్ నా చేతికిచ్చింది.

"ఎడమ బొటనవేలుతో నడుస్తారు. కుడి బొటనవేలుతో చూస్తారు. అది కెమెరా. మీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పాలి. నా మనిషి నడుస్తున్నాడు, నా కెమెరా ఆకాశం చూస్తోంది. కిందకి తిప్పితే చెప్పులు చూస్తోంది. బల్లి అరుస్తోంది, ఎక్కణ్ణుంచో తెలీదు. తెలిసేసరికి నేను స్ట్రెచర్ మీద క్యాంపుకి వెళ్తున్నాను.

"మీది కెమెరా పనే కదా."

"మా కస్టమర్లు కదలరండీ."

"పోనీ, కుడి బొటనవేలి కిందున్న ఆ చిన్న పుల్లని లోపలికి నొక్కండి. అది లాక్. ఇక మీరేం తిప్పక్కర్లేదు, కెమెరా ఎప్పుడూ రాక్షసుణ్ణే చూస్తుంది."

నొక్కాను. నిజంగానే చూసింది. ఆ మొహం అంత దగ్గరగా చూశాక లాక్ తీసేశాను.

తర్వాత కొట్టడం. ఈ ఆటలో ఒకసారి కత్తి ఎత్తితే దించేదాకా ఆపలేం. మధ్యలో మనసు మారినా కుదరదు. అందుకని ముందు చూడాలి, వాడు తోక తిప్పాక ఒక్క దెబ్బ వేయాలి, వెంటనే పక్కకి దొర్లాలి. నేను ముందు దొర్లి, తర్వాత కొట్టి, ఆ తర్వాత చూసేవాణ్ణి. దెబ్బ తగిలితే మందు తాగాలి. మందు తాగాలంటే ముందు కత్తి ఒరలో పెట్టాలి. నేను కత్తి చేత్తో పట్టుకునే మందు బటన్ నొక్కేవాణ్ణి. మందు రాదు, ఇంకో దెబ్బ వస్తుంది.

"కత్తి లోపల పెట్టండి. ముందు కత్తి."

"పెట్టానండీ."

"అది కత్తి కాదు. మీరు బల్లికి దండం పెట్టారు. అది పలకరింపు బటన్."

వారం గడిచేసరికి దొర్లడం వచ్చింది. ఇంకో వారానికి ఒరలో కత్తి పెట్టడం వచ్చింది. కెమెరా మాత్రం రాలేదు. నిజానికి రాలేదనడం అన్యాయం. ఒక చోటికి చాలా బాగా వచ్చేది. ఆ అమ్మాయి చేత్తో పట్టుకుని ఆడే తన ఇంకో చిన్న మెషీన్‌లో నాతోపాటు ఆడేది. తలకి పచ్చ రిబ్బన్ కట్టుకున్న వేటగత్తె, చేతిలో విల్లు. ఆ రిబ్బన్ ఎటు పోతే నా బొటనవేలు అటు పోయేది. ఇది తనకి తెలీదు. నాకూ తెలీదని నేననుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఉతికిన చొక్కా, దువ్విన తల. నేను ఒక స్నేహితుణ్ణి, ఆట బాగా ఆడతాను, అంతే. ఇంట్లో ఆమె చెప్పిన పరిచయం అది.

తలుపు తీసింది వాళ్ళమ్మ. చిన్న మనిషి, మెత్తటి గొంతు. "రా బాబూ, కూర్చో. మేం కొత్తవాళ్ళని తొందరపెట్టం" అంది. ఆటలో ఆవిడ ఆయుధం మనిషంత సమ్మెట.

వాళ్ళ నాన్న రిటైరయిన ఆఫీసరు. ఆటలోని రాక్షసులన్నిటికీ తన పాత పైఅధికారుల పేర్లు పెట్టుకున్నారు. "ఇవాళ ఆడిటర్‌తో పని" అన్నారు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. "చెప్పకుండా వస్తాడు. వచ్చాక కదలడు. బాబూ, నీది టీవీకి పెట్టాను చూసుకో."

గోడకి తలుపంత టీవీ. దాన్లో నా మనిషి.

"టీవీకెందుకంకుల్?"

"ఈ ఇంట్లో కొత్తవాడి స్క్రీన్ ఎప్పుడూ టీవీలోనే. ఎక్కడ తప్పుచేస్తున్నాడో మాకూ తెలియాలి కదా."

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. తన మొహంలో రంగు పోయింది. ఈ పద్ధతి ఒకటుందని మరిచిపోయిందన్నమాట.

నలుగురిలో ఎవరు పడ్డా, మొత్తం మూడుసార్లయితే వేట ముగిసినట్టే. ఒకడే మూడుసార్లు పడ్డా అంతే. ఇవాళ వేట పాడైతే వచ్చే ఆదివారం బావే. ఇది నాకూ తనకీ తెలుసు.

ఆడిటర్ వచ్చాడు. చెప్పకుండానే. తలమీద గొడుగులాంటి జూలు, వెనక రోడ్ రోలర్ లాంటి తోక. నేను చూశాను, కొట్టాను, దొర్లాను. వరస సరిగ్గా వచ్చిన సంతోషంలో ఇంకో దెబ్బకి కత్తి ఎత్తాను. తోక వచ్చింది. ఎత్తిన కత్తి దిగలేదు. స్ట్రెచర్.

"ఫర్లేదు బాబూ" అంది వాళ్ళమ్మ, సమ్మెటతో ఆడిటర్ దవడ పగలగొడుతూ.

రెండోసారి మందు తాగబోయి పడ్డాను. కత్తి లోపలే పెట్టాను గానీ రాక్షసుడి నోటి ముందు నిలబడి పెట్టాను.  ఇక ఒక్కటే మిగిలింది. 

ఈసారి దెబ్బ వేయకుండా దొర్లుతూ, దొర్లుతూ నిలబడ్డాను. ఆట సాగుతోంది. నాన్నగారు ఈటెతో పొడుస్తూ టీవీ వైపు ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు.

"బాబూ, ఆడిటర్ ఎక్కడున్నాడు?"

"మన ముందే ఉన్నాడంకుల్."

"నీ స్క్రీన్‌లో లేడే."

అప్పుడు నేనూ టీవీ చూశాను. నిజమే. ఆడిటర్ లేడు. తలుపంత టీవీ నిండా పచ్చ రిబ్బన్ కట్టుకున్న అమ్మాయి. సరిగ్గా మధ్యలో. తలపైన కొలిచినట్టు కాస్త ఖాళీ. వెలుతురు ఎడమవైపు నుంచి. తను ఎడమకి దూకితే కెమెరా ఎడమకి, బండ వెనక్కి వెళ్తే బండ చుట్టూ తిరిగి మళ్ళీ తన మొహానికే.

"ఇందాకటి నుంచీ మన పిల్లే కనపడుతోంది" అన్నారు నాన్నగారు.

"మొదటి నుంచీ" అంది అమ్మ.

నా చెవుల్లోంచి వేడి ఆవిరి వస్తున్నట్టుంది.

"లాక్ నొక్కేవా?"

"పొరపాటున పడిందేమోనంకుల్."

నాన్నగారు ఈటె ఆపేసి నా వైపు పూర్తిగా తిరిగారు. ఆయన మొహంలో కోపం కూడా లేదు, వట్టి దిగ్భ్రమ. "లాక్ రాక్షసుల మీదే పడుతుంది. మనుషుల మీద పడదు. అంటే ఇదంతా నువ్వు వేలితో తిప్పుతున్నావు. పరిగెడుతూ, దొర్లుతూ, దెబ్బలు తింటూ." మళ్ళీ టీవీ వైపు చూశారు. "ఇన్నేళ్ళుగా ఆడుతున్నాను. ఇంత కెమెరా కంట్రోల్ నేనెక్కడా చూళ్ళేదు."

ఇది తిట్టో మెచ్చుకోలో తేల్చుకునేలోపే ఢామ్మని శబ్దం. టీవీలో పచ్చ రిబ్బన్ గాల్లోకి లేచి, నా ఫ్రేమ్ మధ్యలోనే, చాలా అందంగా కింద పడింది. మూడో స్ట్రెచర్. వేట ముగిసింది.

అందరూ తన వైపు తిరిగారు. 

"నువ్వు పడ్డావా?" అన్నారు నాన్నగారు కూతురితో.

"మన పిల్ల పడిందా?" అంది అమ్మ, పక్కింటివాళ్ళ వార్త విన్నట్టు.

తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో తను ఇంతవరకూ పడలేదట. వాళ్ళన్నయ్య ఈ విషయం మీద అలిగి భోజనం మానేసిన రోజులున్నాయట.

అమ్మ లేచి వెళ్ళి, కూతురి చేతిలోని చిన్న మెషీన్ లాక్కుని చూసింది. చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెషీన్‌ని నాన్నగారి ముందు పెట్టింది. నేనూ వంగి చూశాను. వేట ఆగిన చోటే నిలిచిపోయిన ఆ బొమ్మలోనూ ఆడిటర్ లేడు. ఒక దద్దమ్మ కత్తి వెనక్కి పెట్టి అడ్డదిడ్డంగా దొర్లుతున్నాడు. నేనే.

"నువ్వెందుకు చూస్తున్నావే ఇటు?"

"మూడోసారి పడిపోతాడేమోనని" అంది తను నేల చూస్తూ.

"పడితే?"

"పడితే వచ్చే వారం బావ వస్తాడు."

నాన్నగారు లాప్‌టాప్ మూశారు. "బాబూ, నువ్వు ఆడ్డానికొచ్చావా?"

ఇక దొర్లడానికి చోటు లేదు. "లేదంకుల్. నాకు ఆట రాదు."

"అది టీవీలో చూశాం. దేనికొచ్చావ్?"

"మీ అమ్మాయికి ఇంకోచోట పెళ్ళి కుదరకూడదని."

ఎత్తిన కత్తి. మధ్యలో ఆపలేం. "నాతో కుదరాలని" అని కూడా చెప్పేశాను.

తను తలెత్తింది. రెండు వారాలు పక్కన కూర్చుని నేర్పిన మనిషి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నేను చెప్తానని తను అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నాన్నగారు ఫోన్ తీశారు.  స్పీకర్‌లో పెట్టారు, ఆ ఇంట్లో అన్నీ అందరికీ తెలియాలి కదా.

"ఏరా, వచ్చే ఆదివారం రావొద్దు. కుర్చీ ఖాళీ లేదు."

"అదేంటి మామయ్యా. ఎవరొచ్చారు? బాగా ఆడతాడా?"

ఆయన నన్ను చూశారు. కూతుర్ని చూశారు. ఇంకా తేరుకోని గొంతుతో, నిజాయితీగా చెప్పారు. "చండాలంగా ఆడతాడ్రా. వాడి పక్కన కూర్చుంటే నీ మరదలు కూడా చండాలంగా ఆడుతోంది. నేనేం చెయ్యను."

అమ్మ సమ్మెట భుజాన పెట్టుకుని 'మళ్ళీ మొదలు' బటన్ నొక్కింది. "మాటలు తర్వాత. ఆడిటర్ వెళ్ళిపోతాడు."

తను లేచొచ్చి నా పక్కన, నేల మీద, టీవీకి ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ నన్ను 'మీరు' అన్న మనిషి మెల్లగా 'నువ్వు' అంది.

"ఈసారైనా రాక్షసుణ్ణి చూడు."

"నువ్వు చూస్తావా?"

"ముందు నువ్వు చూడు" అంది, నన్నే చూస్తూ.