నాలుగో తొట్టి

"మీ మిషన్‌కు ఏదో పట్టింది ఇంజనీర్ సాబ్. దిష్టి తీయించుర్రి," అంది శ్రీనిధి.

ఫణికుమార్‌కు ఒళ్ళు మండింది. దిష్టి తీస్తే బాగుపడే మిషన్ అయితే తను గన్‌ఫౌండ్రీ ఆఫీసు వదిలి రెండు నెలలుగా ఈ మసిలో ఎందుకు కూర్చుంటాడు?

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో శ్రీనిధి తండ్రి వామన్‌రావుకు పాత తుక్కు యార్డు ఉంది. కోఠి, సుల్తాన్ బజార్ ఇళ్ళలో పనికిరాని గిన్నెలూ చెంబులూ అక్కడికి చేరతాయి. వాటిని ఏరి, కరిగించి, దిమ్మెలు పోస్తారు. ఇన్నాళ్ళూ అంతా చేతి పనే. కూతురు పోరు పెట్టగా పెట్టగా ఆయన తుక్కు ఏరే కొత్త మిషన్ లైనుకు ఒప్పుకున్నాడు. దాన్ని నడిపించి ఇవ్వడానికి వచ్చినవాడే ఫణి.

వచ్చిన మొదటి రోజే హెల్మెట్ లేదని గేటు దగ్గర ఆపేసింది శ్రీనిధి. దులిపేసి, చివరికి తన హెల్మెట్టే తీసి అతని నెత్తిన పెట్టింది. దాని కింద బుర్ర ఆ రోజు నుంచీ సరిగా పని చేయడం లేదు.

మిషన్ మాత్రం బాగానే పని చేస్తుంది. బెల్టు మీద తుక్కు వస్తుంటే పైనుంచి కెమెరా చూస్తుంది. ఇత్తడా, ఇనుమా, అల్యూమినియమా తేల్చుకుని, ఓ ఇనప రెక్కతో ఆయా తొట్టిలోకి తోస్తుంది. ఇత్తడి తొట్టి నేరుగా కొలిమిలోకి. కొలిమి వేడిని బట్టి బెల్టు వేగం కూడా తనే మార్చుకుంటుంది. ఇదంతా దానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. పనివాళ్ళు చేత్తో ఏరుతుంటే తీసిన వీడియోలు చూసి నేర్చుకుంది.

చిక్కంతా నాలుగో తొట్టితో. తేల్చుకోలేని సామాను కోసం పెట్టిన ఆ తొట్టిలోకి మిషన్ నిక్షేపంలాంటి ఇత్తడి గిన్నెలను తోస్తోంది.

"మంచి మాలంతా చెత్తల కలుపుతుంటే ఏం లాభమయ్యా?" అన్నాడు వామన్‌రావు. "గీ వారంల సక్కగైతే సరే. లేకుంటే యార్డు హోటల్ కట్టేటోళ్ళకు ఇచ్చేస్త."

ఫణి పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మిషన్ బాగుపడకపోతే శ్రీనిధి యార్డు పోతుంది. బాగుపడితే తన పని అయిపోతుంది, కంపెనీ పుణె పంపిస్తుంది. ఆమెకు మనసులో మాట చెప్పడానికి మిగిలింది ఆ కాస్త వ్యవధే.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. పనివాళ్ళు చాయ్‌కు వెళ్ళారు. షెడ్డులో ఇద్దరే ఉన్నారు. రెక్క ఠంగు ఠంగుమని తోస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది.

బెల్టు మీద ఓ ఇత్తడి గిన్నె వస్తోంది. రెక్క నెమ్మదిగా కదిలింది. నిద్రపోయే పసిపిల్లను పక్కకు జరిపినట్టు ఆ గిన్నెను నాలుగో తొట్టిలోకి జరిపింది.

"గిట్ల మెల్లగ తోయుడు మీరే నేర్పిన్రా?" శ్రీనిధి గొంతులో వెటకారం లేదు.

"లేదండీ. మెల్లగా అనే మాటే దానికి తెలియదు."

ఆమె వంగి గిన్నె తీసింది. అంచు మీద చుక్కల అక్షరాలు: అనసూయమ్మ. కింద ఇంకోటి తీసింది. కమలాబాయి. మరోటి, రాజేశ్వరి. కొన్న రోజున పేరు కొట్టించుకోవడం మనవాళ్ళ అలవాటే కదా. కానీ తొట్టి నిండా పేర్లే ఉన్నాయి. ఎవరెవరో ఆడవాళ్ళు ఒక్కచోట చేరి పిలవకుండానే పలికినట్టు అనిపించింది ఫణికి. 

"ఇదిగో, దీని మీద ఏమీ లేదు." నల్లగా మసిబారిన చెంబు ఒకటి చూపించి ఊపిరి పీల్చుకున్నాడు. "మామూలు పొరపాటే."

పాత పనిమనిషి యాదవ్వ డబ్బా తోముకోవడానికి పెట్టుకున్న చింతపండు అక్కడే ఉంది. శ్రీనిధి దానితో చెంబును రుద్దింది. నలుపు పోయిన చోట ఒక్కో అక్షరం పైకి వచ్చింది. మాణిక్యమ్మ.

ఈలోపు ఓ పళ్ళెం బోర్లా పడి వచ్చింది. రెక్క దాన్నీ మెల్లగా జరిపింది. ఫణి తిప్పి చూశాడు. పేరు లోపలివైపు ఉంది, బెల్టుకు ఆనుకుని వచ్చింది. కెమెరా ఉన్నది పైన.

శ్రీనిధి దగ్గరగా జరిగి అతని మోచెయ్యి పట్టుకుంది. భయపడాలో సంతోషపడాలో తెలియక ఫణి రెండూ పడ్డాడు.

చాయ్ పట్టుకొచ్చిన యాదవ్వ తొట్టి వంక చూసింది. "పేరున్న గిన్నె నిప్పుల పడితే ఆ పేరుగలామె యాడున్నా ఉలికిపడతదంటరు," అని, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఫణి ఆ పూటంతా పాత వీడియోలు తిరగేశాడు. వాటిలో మొహాలు కనిపించవు, చేతులే కనిపిస్తాయి. గాజుల చేతులు, మట్టెక్కిన చేతులు టకటకా ఏరి పారేస్తున్నాయి. వాటి మధ్య ఒక చెయ్యి మాత్రం పేరున్న గిన్నె తగలగానే ఆగుతోంది. మెల్లగా పక్కన పెడుతోంది. చూపుడు వేలి మీద చిన్న కాలిన మచ్చ. ఆ మచ్చ ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీనిధి చాయ్ అందించినప్పుడల్లా గ్లాసు వంక కాకుండా ఆ వేలి వంకే చూసిన మనిషి తను.

మర్నాడు ఆమెకు చూపించాడు.

"బోనాలకు అందరు లీవు పెట్టిన్రు. ఓ వారం నేనే ఏరిన," అంది తలదించుకుని. "పేరు చూస్తే చెయ్యి ఆడలే. చెప్తే నవ్వుతరనుకున్న. మీ మిషన్ చాడీ చెప్పింది."

"ఆ వారం తీసేసి మళ్ళీ నేర్పిస్తే అన్ని మిషన్లలాగే తయారవుతుంది. తీసేయమంటారా?"

"మీ ఇష్టం."

"నాకు ఇష్టం లేదు."

ఇద్దరూ చెరో వైపు చూశారు. పై రేకుల మీద వాన ఒకటే పడుతోంది.

"మరి బాపుకు ఏం చెప్తరు?" అంది చివరికి.

ఉపాయం తేలికదే. నాలుగో తొట్టి దగ్గర ఓ అరగదీసే మిషన్ పెట్టారు. యాదవ్వ ఒక్కో పేరునూ పైకి చదివి, అరగదీసి, గిన్నెను మళ్ళీ బెల్టు మీద పెడుతుంది. పేరు పోయిన గిన్నెను రెక్క మామూలుగా ఇత్తడిలోకి తోసేస్తుంది. సరుకు వృథా కావడం ఆగిపోయింది. వామన్‌రావు లెక్క చూసుకుని హోటల్ వాళ్ళకు కుదరదని చెప్పేశాడు. బోర్లా పడిన పళ్ళెం సంగతి మాత్రం ఫణికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

యార్డు నిలిచింది. అనుకున్నట్టే పుణె పిలుపూ వచ్చింది.

ఫణి సుల్తాన్ బజార్ వెళ్ళి ఇత్తడి చెంబు కొన్నాడు. శ్రీనిధి, ఫణికుమార్ అని పక్కపక్కన కొట్టమన్నాడు.

"పెళ్ళెప్పుడు సార్?" అన్నాడు కొట్టువాడు.

"అమ్మాయిని ఇంకా అడగలేదు."

కొట్టువాడు జాలిపడి అక్షరాలు ఇంకాస్త లోతుగా కొట్టాడు.

నోటితో చెప్పే ధైర్యం లేక మన ఇంజనీరు వేసిన ప్లాను ఇదీ: చెంబును బెల్టు మీద పెడతాడు, రెక్క నాలుగో తొట్టిలోకి జరుపుతుంది, శ్రీనిధి తీసి చదువుతుంది. చివరి రోజు సాయంత్రం, ఆమె తొట్టి దగ్గర ఉన్నప్పుడు పెట్టాడు. చెంబు మెరుస్తూ వెళ్ళింది. కెమెరా కిందికి వచ్చింది. పేర్లు పైకే ఉన్నాయి. శ్రీనిధి చదివింది కూడా, పెదవులు కదలడం చూశాడు.

రెక్క ఠంగుమంది. చెంబు ఇత్తడిలోకి, అటునుంచి కొలిమిలోకి పోయింది.

యాదవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఫణి శ్రీనిధి వైపు తిరిగాడు.

"అర్థమైందండీ. ఆ రెక్క మీ చెయ్యే కదా. మీ చెయ్యి నన్ను ఆపలేదు," అన్నాడు.

"ఆపలే," అంది శ్రీనిధి. కొలిమి వెలుగులో ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "జంట పేర్లను నేను ఎన్నడూ ఆపలే. వీడియోల సక్కగ చూసుకోర్రి. ఒక్క పేరే ఉన్న గిన్నెలు తీసి పక్కకు పెట్టిన. ఒక్కతే నిప్పుల పడుతుందంటే మనసొప్పలే. ఇద్దరుంటే భయమెందుకనుకున్న."

"అంటే..."

"అంటే ఏంది? చెంబు పోతుంటే నేను ఉరికి పట్టుకున్ననా? ఇగ నోటితోని కూడా చెప్పాల్నా?"

గొడుగు ముడుస్తూ వామన్‌రావు లోపలికి వచ్చాడు. యాదవ్వ ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేసింది. ఆయన కొలిమి దగ్గరికి వెళ్ళి చాలాసేపు లోపలికి చూశాడు. ఇత్తడి నిండుకుండలా కదలకుండా వెలుగుతోంది.

"ఇంజనీరూ, కరిగినంక దీంట్ల ఏ పేరు యాడుందో నీ మిషన్ వేరు చేస్తదా?"

"చేయలేదండీ," అన్నాడు ఫణి. "ఏ మిషనూ చేయలేదు."

"నాతోని కూడా కాదు. పుణెకు ఇంకెవరినన్నా పంపుమను. రేపు మీ అమ్మానాన్నలను తోలుకరా."

ఆయన వెళ్ళిపోయాడు. వెనకే యాదవ్వ. బెల్టు ఖాళీగా తిరుగుతోంది. దాని మీద ఏమీ లేదు. అయినా రెక్క కదిలింది. కనపడనిదేదో పక్కకు జరిపినట్టు మెల్లగా, చాలా మెల్లగా కదిలి, మళ్ళీ తన చోటికి వచ్చింది.

ఫణి స్విచ్ దగ్గరికి పోబోయాడు. శ్రీనిధి చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ ఫణీ," అంది. "ఆ పేర్లల్ల ఎవరో పోతున్నరు. పోనీ."