కొరికితే నొప్పి

డాక్టరు దగ్గర మనవాళ్ళు చెప్పే అబద్ధం సాధారణంగా ఒక్కటే: నొప్పి ఉన్నా లేదంటారు. చక్రపాణి కూడా ఆ కోవలోని వాడే. ఎడమ చెంప బూరెలా పొంగినా, "కెమెరా పనిచేయట్లేదు" అంటూ ఆఫీసు మీటింగులన్నీ గొంతుతోనే నెట్టుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అతని ఉద్యోగం. పొద్దున లేస్తే ఇతరుల తప్పులు పట్టడమే పని. తన పన్ను సంగతి మాత్రం పట్టించుకోలేదు.

అమెరికాలోని ఈ అల్ఫారెట్టాలో మన జనానికి పళ్ళ విషయంలో ఒక పద్ధతి ఉంది. నొప్పి ఇక్కడ, వైద్యం హైదరాబాదులో. మధ్యలో లవంగం.

"ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందామనుకున్నాను రా," అన్నాడు చక్రపాణి, చెంప పట్టుకుని.

"నీకు వీసా స్టాంపింగ్ డేట్ దొరికేవరకు నోట్ల పళ్ళు మిగుల్తయా? నడువ్!" అని రూమ్మేట్ రాజీవ్ అతన్ని కార్లోకి నెట్టి, దగ్గర్లోని క్లినిక్ ముందు దింపేశాడు.

అక్కడ నీలం మాస్కు పైనుంచి రెండు పెద్ద కళ్ళు అతన్ని తీరిగ్గా చూశాయి.

"హాయ్, నేను డాక్టర్ దియ. ఇంత వాపు పెట్టుకుని నువ్వు ఇన్ని రోజులు ఏం చేస్తున్నావ్?"

"లవంగం..."

"లవంగం అంటే ఏంటి? ఓ, క్లోవ్! నువ్వు పన్నుకి బిర్యానీ చేస్తున్నావా?"

చక్రపాణికి రోషం వచ్చింది. ఎవరీ పిల్ల, మొదటి పరిచయంలోనే నువ్వు అంటుంది? కానీ ఆ రోషం మత్తు ఇంజెక్షన్ ఎక్కేలోపే ఇంకేదోలా మారిపోయింది. నువ్వు అంది కదా, ఎంత చనువు! పక్క కుర్చీలో ఉన్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని కూడా ఆమె "నువ్వు నోరు తెరువు" అన్నప్పుడు అసలు విషయం అర్థమైంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె తెలుగులో మీరు అనే మాటే లేదు. అర్థమైంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"నొప్పి వస్తే లెఫ్ట్ హ్యాండ్ ఎత్తు. హీరోలాగా చేయకు."

అతను హీరోలాగానే చేశాడు. చెయ్యి ఎత్తలేదు.

"నీ కాలివేళ్ళు వంకర తిరుగుతున్నాయి. నాకు కనిపిస్తుంది," అంటూ ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది.

రూట్ కెనాల్ అయ్యాక దియ మాస్కు దించింది. చక్రపాణికి సగం మూతి మొద్దుబారింది. మిగతా సగం తనంతట తానే తెరుచుకుంది.

"రెండు మూడు రోజులు కొంచెం నొప్పి ఉంటుంది, అది నార్మల్. వాపు పెరిగినా, ఫీవర్ వచ్చినా వెంటనే కాల్ చెయ్యి. ఇది టెంపరరీ ఫిల్లింగ్. ఆ సైడ్ ఏమీ నమలకు. రెండు వారాల్లో రా, చెక్ చేస్తాను. బాగుంటే పైన క్రౌన్, అంటే క్యాప్, పెడతాను. తర్వాత ఆరు నెలలకి ఒక ఎక్స్‌రే. లోపల బోన్ హీల్ అయిందా లేదా చూడాలి. ఇన్నిసార్లు రావాలి, సారీ."

ఆమె సారీ ఎందుకు చెప్పిందో చక్రపాణికి అర్థం కాలేదు.

రాజీవ్‌కి మాత్రం ఫాలో-అప్ అనే మాటే గిట్టదు. "నొప్పి తగ్గినంక మళ్ళ డాక్టర్ దగ్గరికి ఎవడన్న పోతడారా? మా అన్న క్యాప్ పెట్టించుకోనే లేదు."

"ఇప్పుడెలా ఉంది?"

"పన్ను లేదు. నొప్పి కూడ లేదు."

అయినా చక్రపాణి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, చిగుళ్ళు ఎర్రబడేదాకా పళ్ళు తోముకుని మరీ వెళ్ళాడు. దియ చిన్న అద్దం పిడితో పన్ను మీద తట్టింది. నొప్పి లేదు. చిగురు నొక్కింది. నొప్పి లేదు. చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి కొరకమంది. అప్పుడు చక్రపాణి బుర్రలో లెక్క తిరిగింది. ఇదీ బాగుందంటే వచ్చేవారం క్యాప్ పెట్టేస్తుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఈ కళ్ళు కనబడవు.

తప్పు మీద పెట్టిన ఫిర్యాదు టికెట్ తెరిచి ఉన్నంతకాలం ప్రోగ్రాం రాసిన డెవలపర్ టెస్టర్ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అది అతని వృత్తి నేర్పిన జ్ఞానం.

"కొరికితే నొప్పి," అన్నాడు.

దియ కనుబొమలు ముడిపడ్డాయి. ఎక్స్‌రే తీసింది, ఫిల్లింగ్ ఎత్తు కాస్త తగ్గించింది. "నొప్పి ఉంటే క్రౌన్ పెట్టలేను. నెక్స్ట్ వీక్ రా."

తర్వాతి వారమూ కొరికితే నొప్పే. ఆ తర్వాతి వారమూ అంతే. ప్రపంచంలో పళ్ళ డాక్టరు దగ్గరికి ఈల వేసుకుంటూ వెళ్ళిన మొదటి మనిషి బహుశా చక్రపాణే. వెళ్ళిన ప్రతిసారీ ఆమెకు ఒక మాట నేర్పేవాడు. "పిప్పి పన్ను" అని చెప్తే ఆమె "పిప్పీ! సో క్యూట్!" అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పన్ను పుచ్చిపోయినా ఫరవాలేదనిపించింది అతనికి.

కానీ ఒకనాడు దియ నవ్వలేదు. కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని గొంతు తగ్గించింది.

"ఈ క్లినిక్‌లో నేను చేసిన ఫస్ట్ రూట్ కెనాల్ నీదే. అన్ని టెస్టులూ బాగున్నాయి, నీకు మాత్రం నొప్పి. నేను ఏదో మిస్ అయ్యాను. మా బాస్ డాక్టర్ వాకర్‌కి చూపించాను. ఇంకో వారం చూసి మళ్ళీ ఓపెన్ చేద్దాం అన్నాడు. రూట్ కెనాల్స్ ఇక నాకు ఇవ్వాలా వద్దా అని కూడా ఆలోచిస్తున్నాడు." ఆమె కళ్ళలో సన్నగా తడి మెరిసింది. "సారీ, చక్రపాణీ. నా వల్ల నువ్వు ఇంత బాధపడుతున్నావ్."

చక్రపాణికి తల కొట్టేసినట్టయింది. నిజం నోటిదాకా వచ్చింది. నోట్లో అద్దం ఉంది. అద్దం తీశాక ధైర్యం లేదు. సిగ్గుతో చచ్చిపోతూ ఇంటికి వచ్చాడు.

ఆ శనివారం రాజీవ్ అతన్ని ఒక గృహప్రవేశానికి లాక్కెళ్ళాడు. గుడిలో పరిచయమైన రేణు ఆంటీ కొత్త ఇల్లు కొన్నారు. వ్రతం అయింది, పేపర్ ప్లేట్లు వచ్చాయి. దిగులుగా ఉన్న మనిషి ఏం తింటున్నాడో చూసుకోడు. అందులోనూ పన్ను నొప్పిలేక వారాలైంది.

"మొహమాటపడకు బాబూ, ఇంకో నాలుగు వేసుకో. నా చేతి చేగోడీలు తిని బాలేదన్నవాళ్ళు లేరు," అంటూ ఆంటీ ప్లేటు నింపారు.

చక్రపాణి కరకరలాడించాడు. అలవాటు కొద్దీ ఎడమవైపే. కళ్ళు మూసుకుని నమిలి, తెరిచేసరికి ఎదురుగా దియ నిలబడి ఉంది. జారిపోతున్న పట్టుచీరకు కనబడినచోటల్లా పిన్నీసులు పెట్టుకుని, చేతిలో మంచినీళ్ళ సీసాల ట్రే పట్టుకుని. ఆమె అతని మొహం చూడటంలేదు. ఎడమ దవడను చూస్తోంది.

"మా అమ్మాయి, దియ," అన్నారు రేణు ఆంటీ. "ఏమే, నీకు తెలుసా ఈ అబ్బాయి?"

"చెప్పకూడదు అమ్మా. ప్రైవసీ లా ఒప్పుకోదు."

"తెల్వకపోవుడేంది ఆంటీ! వీని పన్ను డాక్టరే!" అని రాజీవ్ చట్టాన్ని చక్కగా కాపాడాడు.

"ఏ సైడ్ నములుతున్నావ్?" అంది దియ.

చక్రపాణి కంగారులో నోట్లో ఉన్నది గబుక్కున కొరికాడు. టక్కుమంది. ఈసారి ఆ చప్పుడు చేగోడీది కాదు.

"అయ్యయ్యో, పప్పులో రాయి వచ్చిందా బాబూ?" అని ఆంటీ గాబరాపడ్డారు. చక్రపాణి అరచేతిలో పడిన పంటి ముక్కను చూసి దియ ట్రే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం మళ్ళీ అదే కుర్చీ. ఈసారి కొరకకుండానే నొప్పి. దియ మాటామంతీ లేకుండా మత్తు ఇచ్చి, నోటికి రబ్బరు షీటు బిగించి, కొత్త ఫిల్లింగ్ మొదలుపెట్టింది. సహాయకురాలు ఎక్స్‌రే తేవడానికి బయటికి వెళ్ళగానే చెయ్యి ఆపింది.

"ఇప్పుడు నేను అడుగుతాను. ఎస్ అయితే లెఫ్ట్ హ్యాండ్ ఎత్తు. నేను చేశాక ఎప్పుడైనా నిజంగా నొప్పి ఉందా?"

చెయ్యి లేవలేదు.

"నా టైమ్ వేస్ట్ చేయడం నీకు ఫన్నా?"

చెయ్యి లేవలేదు. తల గట్టిగా అడ్డంగా ఊగింది.

"కదలకు! మరి ఎందుకు?" ఆమె కాసేపు అతని కళ్ళలోకి చూసింది. "నన్ను చూడటానికా?"

చక్రపాణి ఎడమ చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచింది.

దియ మళ్ళీ పన్ను మీదికి వంగింది. పని ముగించి, గ్లవ్స్ తీసేసి, గోడవైపు తిరిగి అంది. "నీ కేస్ డాక్టర్ వాకర్‌కి ఇచ్చేస్తున్నాను. క్రౌన్, ఎక్స్‌రే అన్నీ ఆయనే చూస్తాడు."

అంతే. చక్రపాణి కథ ముగిసిందనుకున్నాడు. క్యాప్ పెట్టించుకోవడానికి వెళ్ళినరోజు కుర్చీ ఎక్కకముందే వాకర్ ఎదుట నిలబడి మొత్తం చెప్పేశాడు. దియ పనిలో లోపం లేదని, ఆ నొప్పి అబద్ధమని, ఎందుకు ఆడాడో కూడా దాచకుండా చెప్పాడు. తెల్లజుట్టు వాకర్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నవ్వలేక ఛస్తూ క్యాప్ పెట్టాడు. ఒక్కసారి తలుపు సందులోంచి దియ కనబడింది. మరుక్షణం లేదు.

ఆరు నెలలు గడిచాయి. ఈ లోపల దియకు ఫోన్ చేయడానికి అతనికి మొహం చెల్లలేదు. "ఇండియా పొయ్యి చేయించుకుంటే ఈ లొల్లే లేకపోవు," అని రాజీవ్ దెప్పుతూనే ఉన్నాడు.

చివరి ఎక్స్‌రే రోజున జోరున వాన. వాకర్ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు. వేరు కింద అప్పుడున్న నల్లటి మచ్చ ఇప్పుడు లేదు. అక్కడ ఎముక నిండింది.

"చక్కగా మానింది. ఈ పంటి కోసం ఇక రానక్కర్లేదు. క్లీనింగ్‌కి వేరే క్లినిక్ పేరు రాసిచ్చాను. నిన్ను ఇక్కడ పేషెంట్‌గా ఉంచొద్దని మా డాక్టర్ ఒకరు పట్టుబట్టారు," అన్నాడు ఇంగ్లీషులో, అదేదో శుభవార్త అయినట్టు.

చక్రపాణి తడుస్తూ కారు దగ్గరికి నడిచాడు. గెంటేయించింది. గెంటేయించదా మరి? ఎంత ఏడిపించాడని!

కారు పక్కన గొడుగు కింద దియ నిలబడి ఉంది. చేతిలో స్టీలు డబ్బా.

"ఆయన నిన్ను డిశ్చార్జ్ చేశాడా?"

"చేశారు. ఇంకెప్పుడూ రావద్దన్నారు. మీరే చెప్పారట." మొహం మీది వాన చేత్తో తుడుచుకున్నాడు. "నేను చేసింది తప్పే, దియా గారూ. మిమ్మల్ని అంత బాధపెట్టి ఉండకూడదు. సారీ."

"చాలా తప్పు. రెండు నెలలు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత డాక్టర్ వాకర్ నువ్వు చెప్పిందంతా చెప్పాడు, కొంచెం తగ్గింది." ఆమె గొడుగును అతనివైపు వంచింది. "నువ్వు నిజంగా మొద్దు. పేషెంట్‌తో డాక్టర్ కాఫీ కూడా తాగకూడదు, తెలుసా? నువ్వు నొప్పి నొప్పి అని ప్రతివారం పేషెంట్ అవుతూనే ఉన్నావ్. నేను ఏం చేయాలి?"

చక్రపాణికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే... వాకర్‌కి కేసు ఇచ్చేసింది..."

"నువ్వు చెయ్యి ఎత్తావు కదా." దియ సిగ్గుపడింది. వెంటనే డాక్టరు మొహం పెట్టుకుని డబ్బా మూత తీసింది. "అమ్మ పంపింది. రాళ్ళు లేవు అని చెప్పమంది. నిన్ను ఒకసారి భోజనానికి కూడా తీసుకురమ్మంది. తిను. లెఫ్ట్ సైడ్."

గొడుగు మీద వాన దబదబా కురుస్తోంది. చక్రపాణి చేగోడీ తీసుకుని ఎడమవైపు పెట్టుకుని కరకరా నమిలాడు. దియ అతని దవడనే చూస్తోంది.

"కొరికితే నొప్పి ఉందా?"

ఇదివరకటి చక్రపాణి అయితే ఏమనేవాడో మనకు తెలుసు.

"అస్సలు లేదు," అన్నాడు. "మరి మళ్ళీ ఎప్పుడు రావాలి?"

"రేపు సాయంత్రం," అంది దియ, డబ్బాలోంచి తనూ ఒకటి తీసుకుంటూ. "మా ఇంటికి."